తూము కాడి పసుపు

మడికొండ దాటి ఘన్‌పూర్ వైపు పోతుంటే ఎడమ పక్కన మా నల్లబండ చెరువు కనబడుతుంది. దానికి ఒక మూల పాత తూము ఉంది. రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య నల్లటి నీళ్లు, ఆ నీళ్లలోకి దిగే నాచు పట్టిన మెట్లు… పెళ్లయిన ఆడది ఆ మెట్ల మీద కాలు పెట్టకూడదని మా ఊళ్లో అంటారు.

ఎందుకంటే — అక్కడ ఒకతి ఉంది.

నేను పుట్టకముందెప్పుడో, పదహారు రోజుల పండుగ కూడా కాని కొత్త పెళ్లికూతురు, మొగుడితో పాటు స్నానానికి దిగి ఆ తూములో పోయిందట. ఒంటికి రాసుకున్న పసుపు ఇంకా కడుక్కోలేదు. మొగుడు ఒడ్డున నిలబడి చూశాడు గానీ దూకలేదు. నెల తిరక్కముందే ఇంకో పిల్ల మెడలో పుస్తె కట్టాడు. అప్పటినుంచి మొగుడు పక్కనున్న ఆడదాన్ని చూస్తే దానికి కన్నుకుట్టు అట, కాలు పట్టి లోపలికి గుంజుతుందట. ఆలుమగలు దిగితే ఒక్కరే తేలుతారట.

నేను నమ్మేవాణ్ణి కాదు. తూము తిప్పితే నీళ్లు లోపలికి గుంజుతాయి. ఆ గుంజుడికి దున్నపోతు కూడా నిలవదు, మధ్యలో దయ్యమెందుకు? ఇరవై రెండేళ్లుగా ఆ చెరువులో ఈదుతున్నవాణ్ణి, నాకు తెలియదా!

నా పేరు సదానందం. చెరువు దగ్గర పడవ టికెట్లు ఇస్తాను. రెండేళ్ల కింద ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఒడ్డున లారీలకు లారీలు ఇసుక పోసి, రంగురంగుల గొడుగులు పాతి, ‘నల్లబండ బీచ్’ అని బోర్డు పెట్టారు. సముద్రం చూడాలంటే మాకు రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అందుకని ఆదివారం వచ్చిందంటే వరంగల్ జనమంతా పిల్లాజెల్లాతో ఇక్కడే. ఈతకు తాడు కట్టి హద్దు పెట్టారు. తూము దగ్గర ప్రమాదమని ఎర్ర జెండా పాతారు. మావాళ్లు ఆ జెండా కర్రకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.

మునిగేవాళ్లను తీయడానికి లైఫ్‌గార్డ్ కావాలంటే నేనూ దరఖాస్తు పెట్టాను. వయసు దాటిందని తీసి పక్కన పడేశారు. ఉద్యోగం సాయికిరణ్‌కి దక్కింది. ఆరడుగుల మనిషి, ఎర్ర బనియను, మెడలో విజిల్, కూర్చోడానికి ఎత్తయిన కుర్చీ. ఎక్కణ్ణుంచో ఈత సర్టిఫికెట్ కూడా పట్టుకొచ్చాడు. ఆడపిల్లలు సెల్ఫీల కోసం వాడి కుర్చీ చుట్టూ మూగుతుంటే టికెట్ల కిటికీలోంచి చూసి నా కడుపు మండిపోయేది. నా కుళ్లు నేను దాచుకోను. కానీ ఈ కథలో నాకంటే ఎక్కువ మండిన కడుపు ఇంకొకటుంది. అది వాడి పెళ్లాం తేజస్విది. ఈ సంగతంతా నాకు చెప్పింది ఆ పిల్లే.

సాయికిరణ్‌కి ఇంకో పని కూడా ఉండేది. వారానికి రెండు రోజులు, జనం దిగి నీళ్లు కెలక్కముందే, తెల్లవారుజామున సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపాలి. రిపోర్టు బాగుంటే పచ్చ జెండా. లేకపోతే ఈత బంద్.

వారానికి రెండు రోజులే. కానీ డిసెంబరు మొదట్లో వాడు రోజూ నాలుగున్నరకే లేచి పోవడం మొదలుపెట్టాడు.

రోజూ…

“దినాం నీళ్లు పడ్తరా?” అని తేజస్వి అడిగితే, “కంపెనీ రూల్ మారింది” అన్నాడట, ముఖం చూడకుండా.

ఆ పిల్ల నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. “సదన్నా, రూల్ మారిందా?”

“నాకైతే తెల్వదు బిడ్డా. రెండు దినాలే పంపుతరు. మరి దినాం ఎందుకొస్తాండో… ఆయననే అడుగు” అన్నాను. చివరి ముక్క కాస్త సాగదీసి అన్నాను. అది అనకుండా ఉండాల్సింది, కానీ అప్పటి నా మంట అలాంటిది.

ఇక తేజస్వి కళ్లకు అన్నీ కనబడటం మొదలయ్యాయి.

ముందు బనియను. ఉతకడానికి తీస్తే వీపు దగ్గర పచ్చటి మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే — పసుపు. తర్వాత వీపు. నిద్రలో బోర్లా తిరిగినప్పుడు చూస్తే, గోళ్లతో గీరినట్టు ఎర్రటి చారలు. ఆమె వాటిని వేలితో తాకబోతుంటే వాడు నిద్రలోనే గొణిగాడు…

“ఇడువకు… జర గట్టిగ పట్టుకో…”

ఆ రాత్రి తేజస్వికి నిద్ర లేదు. పొద్దున పక్కింటి యాకమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. యాకమ్మ అంతా విని, గొంతు తగ్గించి ఒక్కటే అడిగింది.

“పసుపా బిడ్డా?… చెరువు కాడికెల్లి వచ్చినంకనేనా?”

“అవ్ పెద్దమ్మా.”

“అయితే మనిషి కాదే… తూము కాడిది. నీ మొగన్ని తగులుకున్నది.”

ఇంకొకరైతే తాయెత్తు కోసం పరుగెత్తేవాళ్లు. తేజస్వికి భయం రాలేదు, కోపం వచ్చింది. “బతికున్నదైతే జుట్టు పట్టుకొని అడుగుదును. సచ్చినదానికి మాత్రం జుట్టుండదా అన్నా!” అంది నాతో. ఇంకో మాట కూడా అంది. “అది ఎప్పటికీ కొత్త పెండ్లికూతురే. నాకు నలభై వస్తయ్, యాభై వస్తయ్… దానికి రావు గదా!” అసలు కుట్టిన చోటు అదే.

మర్నాడు తెల్లవారుజామున వాడి బండి వెనకే ఆమె స్కూటీ, లైటు ఆర్పేసి. మంచు దట్టంగా ఉంది. గేటు బయట స్కూటీ ఆపి కట్ట మీద చెప్పులు చేత పట్టుకుని నడిచింది. సాయికిరణ్ ఇసుక వైపు పోలేదు. తూము వైపు తిరిగాడు.

పై మెట్టు మీద కూర్చుని చొక్కా విప్పాడు. ఆమె ఎర్ర జెండా కర్ర పక్కన వంగి కూర్చుంది. అప్పుడు వినబడింది… వాడి గొంతు, మెల్లగా.

“యాడున్నవ్?… జల్ది రా… నువ్వు లేకుంటే నాకు భయమైతది…”

జవాబు వినబడలేదు. చుట్టూ ఎవరూ లేరు. ఉత్త మంచు, ఉత్త నీళ్లు.

వాడు చేతిలోదేదో చొక్కా మీద పడేశాడు. తర్వాత సీసా తీసుకుని నీళ్లలోకి ఒక మెట్టు దిగాడు… ఇంకో మెట్టు… నడుము దాకా. సీసా నింపి వెనక మెట్టు మీద పెట్టాడు. పెట్టి, మళ్లీ తూము వైపు తిరిగి నిలబడ్డాడు, ఎవరో పిలిచినట్టు.

స్తంభాల మధ్య, నీళ్లకు కాస్త పైన — లేత పసుపు పచ్చగా ఏదో కదిలింది. ముఖమో… మంచో…

తేజస్వి ఇక ఆగలేకపోయింది.

“ఓసేయ్! లోకంల ఇంకెవడు లేనట్టు నా మొగడే దొరికిండా నీకు?”

అరుస్తూ మెట్ల మీదకు దూకింది. నాచు మీద కాలు జారింది. మొగుణ్ణి దాటుకుని రెండు స్తంభాల మధ్యన పడింది. ఆ పిల్లకు ఈత రాదు. పైగా సరిగ్గా ఆ పొద్దునే, యాసంగి నార్లకు నీళ్లు కావాలని, తూము తిప్పే ఎల్లస్వామి కట్ట అవతల నిలబడి తూము ఎత్తాడు.

నీళ్లు గుంజాయి.

చీలమండలు పట్టుకుని ఎవరో లాగినట్టే అనిపించిందట. కళ్లు తెరిస్తే చీకటి. పైన “తేజా!” అన్న కేక, ఆ వెంటనే దబ్బున శబ్దం. సాయికిరణ్ దూకాడు. దూకి ఆమె పక్కనే చేతులూ కాళ్లూ విదిలిస్తూ, నీళ్లు మింగుతూ, ఆమెనే పట్టుకుని వేలాడాడు. అప్పుడు ఆ నీళ్లలో ఆమెకు అర్థమైంది… వీడు కాపాడలేడు, వీడూ మునుగుతున్నాడు.

వాడి చెయ్యి జారిపోయింది.

అంతలో — వెనకనుంచి ఎవరో ఆమె జడ పట్టుకున్నారు.

ఒక్క గుంజుడు. మెడ విరిగిందనుకుంది. కళ్లు తెరిచేసరికి మెట్ల మీద బోర్లా పడి దగ్గుతోంది. తిరిగి చూస్తే వాడు లేడు. నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది…

అప్పుడు వచ్చాడు. వెల్లకిలా, ముఖం పైకి, కళ్లు మూసుకుని. చేతులు ఆడటం లేదు, కాళ్లు ఆడటం లేదు. నీళ్లు తూము వైపు గుంజుతున్నాయి, మనిషి మాత్రం ఒడ్డు వైపు వస్తున్నాడు. మెల్లగా… చాలా మెల్లగా. తల మెట్టుకు ఆనింది. ఆగాడు. దగ్గాడు.

ఊపిరి తిరిగాక వాడు ముందు అన్న మాట, “తేజా, నాకు ఈత రాదే.”

సర్టిఫికెట్ దొంగది. ఉద్యోగం వచ్చాక, పిల్లలు నీళ్లలో ఆడుతుంటే చూసి వాడికి రాత్రుళ్లు చెమటలు పట్టేవట. ఎవరైనా మునిగితే ఎలా? అందుకని పెద్దులు తాత కాళ్లు పట్టుకున్నాడు. మా దగ్గర ఎవరు మునిగినా శవాన్ని తీయడానికి పిలిచేది ఆ గజ ఈతగాణ్ణే. ఇటువైపు ఎవరూ రారు, కెమెరాలు లేవు కాబట్టి తూము పక్కనే రోజూ నేర్పుతున్నాడు. కొత్త కాలనీ మోరి నీళ్లు వచ్చి కలిసేదీ ఆ మూలకే. ఆ మురికికి వీపు దద్దుర్లెక్కి, గీరుకుని గీరుకుని చారలయ్యాయి. తాత వాటికి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నాడు. “ఇడువకు, గట్టిగ పట్టుకో” అన్నది కూడా తాతతోనే.

తేజస్వి ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూనే వాడి భుజం మీద రెండు దెబ్బలు వేసింది.

“ఇగ తాత ఏడి? మనల్ని తీసి యాడికి పోయిండు?”

“తాత ఇయ్యాల రాలే. డోర్నకల్ల బిడ్డ ఇంటికి పోయిండు. ఇందాక మెట్టు మీద కూసొని ఫోన్ల అడిగితే గదే చెప్పిండు.”

“మరి… నన్ను నువ్వు తీసినవా?”

“నేనా?” వాడు తెల్లబోయాడు. “నువ్వే నన్ను గుంజినవనుకున్న…”

అప్పటికి కొంచెం వెలుగొచ్చింది. తేజస్వి వాడి ముఖం చూసింది. గడ్డం కింద… నాలుగు వేళ్ల గుర్తులు. తడి పసుపు.

వాడు చూసుకోకముందే ఆమె దాన్ని చున్నీతో తుడిచేసింది.

నేను ఊరుకుంటానా? ఎల్లస్వామిని అడిగాను. తూము ఎత్తినవాడు ఆరింటిదాకా దించలేదు. పెద్దులు తాతకు ఫోన్ చేశాను. ముందురోజు సాయంత్రం నుంచే డోర్నకల్‌లో మనవడితో ఉన్నాడు. ఆలుమగలు దిగితే ఒక్కరే తేలుతారన్న మాట ఆ రోజుతో చెడింది. నా ఇరవై రెండేళ్ల ధైర్యం కూడా చెడింది.

సాయికిరణ్ ఆ పొద్దునే మేనేజరు దగ్గరికి పోయి ఉన్నదంతా ఒప్పుకున్నాడు. మెట్టు మీద పెట్టిన సీసా పరీక్షకు పోయింది. రిపోర్టు చూసి నెల రోజులు ఈత బంద్ పెట్టి, మోరి మళ్లించారు. మళ్లీ తెరిచాక రెండు నెలలు ఆ ఎత్తయిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఒక్క పిల్ల కూడా సెల్ఫీ అడగలేదు. వాడు పెద్దులు తాత దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నాడు. పరీక్ష నేనే పెట్టాను. చెరువు ఆ ఒడ్డుకు పోయి మళ్లీ రావాలన్నాను. వచ్చాడు. బాగా ఈదాడు, అదీ నా ఏడుపు.

తేజస్వికి మాత్రం ఒకటి మింగుడుపడలేదు. నా కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

“నన్ను జడ పట్టి ఇసిరేసింది అన్నా. మెడనొప్పి పది దినాలు పోలే. ఆయన్ని మాత్రం గదువ కింద చెయ్యి పెట్టి… పసిపోరని లెక్క… నిమ్మలంగ తీస్కచ్చింది. గంత నిమ్మలం ఎందుకు దానికి?”

ఇన్నేళ్లలో నా గడ్డం కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

మొన్న శుక్రవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, నన్ను తోడు రమ్మంది. మోదుగాకులో కుంకుమ, ఆకుపచ్చ గాజులు, అంగట్లో కొన్న పసుపు పొట్లం. నేను కట్ట మీదే ఆగిపోయాను. ఆమె తూము పై మెట్టు దాకా దిగి ఆకు పెట్టింది. నీళ్ల వైపు వంగి మెల్లగా అంది… నాకు వినబడింది.

“పానాలు కాపాడినవ్. నీ కాళ్లు మొక్కుత అక్కా… కని మల్లొక్కసారి ఆయన గదువ ముట్టుకున్నవో — ఊకోను.”

అని లేచి, నా వైపు తిరిగి, రెండు అడుగులు వేసి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

ఆమె తల గుంజినట్టు వెనక్కి వంగింది.

“సదన్నా… ఊకె మజాక్ చెయ్యకు…” అంది, కళ్లు మూసుకునే.

నేను ఆమెకు ఎదురుగా, పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. మెల్లగా జడ ముందుకు తెచ్చుకుంది. కొస తడిగా ఉంది… పచ్చగా ఉంది.

వెనక మెట్టు మీద, ఆకులో, పసుపు పొట్లం ఇంకా విప్పనే లేదు.