మంద ఈనిన చోటు

బళ్ళారి వైపు కాపరి సరిహద్దు రాయి దగ్గర అప్పగింత ముద్ర వేసి వెనక్కి తిరిగాడు. ఇక మంద హంపమ్మది. పడమటి కొండల మీదుగా వచ్చిన మబ్బులు పంతొమ్మిది ఉన్నాయని, వాన వాటాలు లెక్కగట్టే యంత్రం తూకం చెప్పింది. తూకం లెక్క ఎన్నడూ తప్పదు. అయినా ఆమె బండి దిగి, మెడ వెనక్కి వాల్చి, ఒక్కొక్కదాన్నీ కళ్ళతో తడుముకుంది. లెక్క మాత్రం నోటితో పైకి అనలేదు. గొర్రెల లెక్క పైకి అంటే దిష్టి తగులుతుందని వాళ్ళ అవ్వ చెప్పేది. మబ్బుల విషయంలో ఆ నియమాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

బండి వెనక తలుపు తీయగానే తోలుపిట్టలు లేచాయి. పిడికెడంత యంత్రాలు, రెండు వందల పైచిలుకు. గుంపుగా పైకి వెళ్ళి, మంద చుట్టూ కాస్త ఎడం ఎడంగా సర్దుకున్నాయి. వెచ్చగాలి ఊది ఒక మబ్బును అదిలిస్తాయి, చల్లగాలి ఊది ఇంకోదాన్ని దగ్గరికి పిలుస్తాయి. అవి తోలుతుంటే ఊరంత మబ్బులు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా కదులుతాయి. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. తొమ్మిదేళ్ళుగా ఆ మొదటి కదలికకు ఆమె గుండె ఝల్లుమంటూనే ఉంది. జీతం తీసుకుని చేసే పనికి ఇంత ఆశ్చర్యపోవడం సిగ్గుగా ఉంటుందని తోటి కాపరులతో ఎప్పుడూ చెప్పలేదు.

"గమ్యం కొత్తకోట వాటాపట్నం," అంది తూకం. దాని గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. "మధ్యాహ్నం మూడింటికి విడుపు. దారిలో నలభై మైళ్ళు వదిలిన నేల. అక్కడ ఆగనవసరం లేదు."

కొత్తకోట హంపమ్మ సొంత ఊరు. ఇన్నేళ్ళలో సొంత ఊరికి వాన తోలే వంతు ఆమెకు ఇదే మొదలు. చెల్లెలు గంగ పొద్దున్నే మాట పంపింది: "అక్కా, నలభై ఒక్క దినమాయ సినుకు పడి. మిద్దెలన్నీ కడిగి పెట్టినాము. పిల్లోళ్ళు బడి కూడా మానేసి కూకున్నారు. మా అక్క తెస్తాండాదని వీధంతా చెప్పినా. నా పరువు తీయొద్దు." హంపమ్మ ఆ మాటను మూడుసార్లు విని నవ్వుకుంది.

మంద నడిచింది, కింద బండి నడిచింది. కాపరి మబ్బు కిందనే ఉండాలి. పైనుంచి చూసి కురిపిస్తే కింద ఎవరి గుడిసె ఉందో తెలియదని, ఒక పాత విషాదం తర్వాత చట్టం అలా రాశారు. కురిపించాలన్నా, కురవబోయే మబ్బును బిగబట్టాలన్నా, కింద నిలబడ్డ మనిషి బొటనవేలి ఒప్పు ఉండాలి. ఒప్పు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. తూకం అడుగుతుంది, వేలు మెడలో వేలాడే పలక మీద ఆనుతుంది, అంతే.

పదకొండు గంటలకు వదిలిన నేల మొదలైంది. పటంలో అది బూడిదరంగు. పంతొమ్మిదేళ్ళ కిందట మన్ను చచ్చిందని తేల్చి, తడివాటా, అంటే వానలో వంతు, ఆపి, జనాన్ని ఆ వంతు ఉన్న వాటాపట్నాలకు చేర్చారు. కాపరులు అక్కడ బండి అద్దాలు ఎత్తుకుని పోతారు. హంపమ్మా అద్దాలు ఎత్తబోయి ఆగింది. పదకొండో మబ్బు నడక మారింది.

మందలో అదే పెద్దది. కొత్తకోటకు చేరాల్సిన నీటిలో సగం దాని కడుపులోనే ఉంది. పొద్దున తెల్లగా ఉన్న అడుగు ఇప్పుడు నీలం తిరిగి కిందికి వేలాడుతోంది. తోలుపిట్టలు అదిలించినా అడుగు వేయనంటోంది. తడి వాసన బండిలోకి వచ్చింది. చూడి గొర్రె గుర్తుకొచ్చింది ఆమెకు.

"పదకొండోది ముందే పండింది," అంది తూకం. "బిగబట్టడానికి ఒప్పు ఇవ్వండి. బిగబడితే మూడో వంతు ఆవిరైపోతుంది, మిగతాది గమ్యం చేరుతుంది. గడువు పన్నెండు నిమిషాలు."

వేలు పలక దాకా వెళ్ళింది. అప్పుడే ఎదురుగా మనుషులు కనబడ్డారు.

పదిమందికి పైనే ఉన్నారు. రోడ్డు పక్క చేలో నిలబడి తలలెత్తి చూస్తున్నారు. ముందున్నవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. తలకు తువ్వాలు, చేతులు మోచేతుల దాకా ఎర్రమన్ను. హంపమ్మ బండి ఆపి దిగింది.

"మీరు ఈడెట్లా ఉండారన్నా? ఈ నేలకు వాటా ల్యాదు కదా?"

"తెలుసక్కా. నా పేరు ఓబులేసు. పట్నం ఇడిసి మూడేండ్లాయ. పదకొండు మందిమి." అతను చేను వైపు చెయ్యి చాపాడు. "గొర్రెల పెంట మోసి, ఆకు అలము కుళ్ళబెట్టి, మన్నుకు తినిపిస్తాండాము. ముందు రెండేండ్లు ఏమీ రాల్యా. పక్షం కింద ఎవురి మందలోంచో ఒక సినుకు జారింది. కొర్రలు సల్లినాము. ఇంగ సూడు."

ఆమె వంగి చూసింది. ఎర్రమన్నులో రెండు వేళ్ళ ఎత్తు మొలకలు, సాలు సాలుగా, రెండెకరాల మేర. కొన్నిటి చివర్లు అప్పటికే పసుపు తిరిగాయి. ఇంత చిన్న పచ్చదనం తూకం కంటికి ఆనదు. దాని పటంలో ఆమె నిలబడ్డ చోటు ఇప్పటికీ బూడిదరంగే. చచ్చిందని తొమ్మిదేళ్ళుగా ఆమె కూడా నమ్మిన మన్ను అది.

"ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయివి?"

"ఎల్లుండి దాకా ఉంటే గొప్ప. ఇత్తనం కూడా ఇంగ ల్యాదు, ఉన్నదంతా సల్లేసినాము." ఓబులేసు పైకి చూశాడు. "వాన అడగనులేక్కా, అది పట్నపోళ్ళది. రవ్వంత నిదానంగా తోలు, అంతే. ఆ నీడ ఇంగో గడియ నిలిస్తే మొలకలకు సల్లగుంటాది."

హంపమ్మకు ఏడుపొచ్చింది. వాన అడిగితే కసరవచ్చు, చట్టం చెప్పవచ్చు. నీడ అడిగినవాడికి ఏం చెప్పాలి? అటు చూస్తే గంగ, కడిగిన మిద్దెలు, వీధిలో పిల్లలు. కొత్తకోట తొట్లలో ఇంకా పన్నెండు రోజుల నీళ్ళున్నాయి. తర్వాతి వంతు ఈసారి తొందరగానే, తొమ్మిదో రోజున. సగం వానతో ఊరు చావదు గానీ మాట అంటుంది, ఆ మాట పడేది తనే.

"నాలుగు నిమిషాలు," అంది తూకం.

చిన్నప్పుడు అవ్వ వెంట మేపుకు వెళ్ళిన రోజొకటి ఆమె కళ్ళ ముందుకొచ్చింది. సంత దారిలో, మిట్టమధ్యాహ్నం, ఒక గొర్రెకు నొప్పులు వచ్చాయి. సంతకు వేళ మించిపోతోందని తాత అరుస్తున్నాడు. అవ్వ కర్ర అడ్డం పెట్టి మందంతటినీ ఆపేసింది. ఈనే గొర్రెను తోలరాదు, అది నిలిచిన చోటే మంద నిలవాలి అంది. ఆ రోజు సంత పోయింది. తాత రెండు రోజులు మాట్లాడలేదు. అయినా గొర్రె ఎవరి బీడులో ఈనిందని ఎవరూ అడగలేదు.

"తూకం, మందను నిలుపు."

"నిలిపాను. బిగబట్టడానికి ఒప్పు ఇవ్వండి."

"ఇవ్వను."

 

"ఒప్పు ఇవ్వకపోవడం మీ హక్కు," అంది తూకం. "ముప్పై ఒక్క సంవత్సరాలలో ఈ హక్కును ఎవరూ వాడలేదు. మీ కాపరిముద్ర విచారణకు వెళ్తుంది."

"పోనీలే."

ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, వేలు తనకు తెలియకుండానే పలక మీదికి పోతుందేమోనని. తోలుపిట్టలు పక్కకు తొలగాయి. మొదటి చినుకు బండి కప్పు మీద టప్పున పడింది. రెండోది ఆమె నుదుటి మీద పడింది. తర్వాత ఆకాశమంతా ఒక్కసారిగా దిగింది.

పదకొండు మందిలో ఎవరూ కేరింతలు కొట్టలేదు. ఓబులేసు తువ్వాలు తీసి, దేవుడి ముందు నిలబడ్డట్టు తల వంచాడు. ఒక ఆడమనిషి సాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొలకల చుట్టూ అరచేతులు అడ్డం పెట్టింది, చినుకు దెబ్బకు వాలిపోకుండా. చచ్చిన మన్ను నీళ్ళు తాగుతుంటే చేనంతా సన్నటి చప్పుడు. తొమ్మిదేళ్ళలో ఎన్నో వానలు కురిపించింది హంపమ్మ. అన్నీ వేళకు, కొలతకు, తొట్లలోకి కురిసినవే. వాన మన్నులోకి పోతే ఇలా వినబడుతుందని ఆమెకు తెలియదు.

బండిలో గంగ గొంతు మోగింది. "అక్కా! పటంలో మంద నిలిచిపోయిండాది. సగం నీళ్ళు యాడనో పోస్తాండావంట! ఏమైంది నీకు?"

"దారిలో ఈనింది గంగా. తోలలేకపోయినా."

గంగ కూడా ఆ అవ్వ మనవరాలే. చాలాసేపు తిట్టింది, మధ్యలో ఒకసారి ఏడ్చింది. ఆఖరుకు, "పిల్లోళ్ళకు నేనేం చెప్పల్ల?" అంది.

"మిగిలినవి పద్దెనిమిది వస్తాండాయని చెప్పు. నేను కూడా వస్తాండా. తిట్టేవాళ్ళుంటే నన్ను తిట్టమను."

తూకం మళ్ళీ పలికింది. "కారణం తెలపండి." పలక మీద ఇరవై కారణాల పట్టీ వచ్చింది. యంత్రలోపం, గాలి మార్పు, కాపరి అస్వస్థత. ఆమె పట్టీ చివరిదాకా చదివి, కింద ఖాళీగా ఉన్న గడిలో తన చేత్తో రాసింది: మంద ఈనింది.

"ఈ కారణం నా దగ్గర లేదు," అంది తూకం. "దీని బరువు ఎంతని వేసుకోవాలి?"

"నాకు తెలియదు. నువ్వు కూడా ఒకసారి కిందికి చూడు."

జవాబు రాకముందే దక్షిణపు మంద కాపరి మస్తాన్‌వలి గొంతు వచ్చింది. అతను ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, పటంలో నీ మంద నిలిచింది సూసినా. నా దారిలోనూ కొందరుండారు. ఆరేండ్లుగా సూసి సూడనట్టు పోతాండా. ఈ పొద్దు నా మందలోనూ ఒకటి పండింది, సరిగ్గా వాళ్ళ నెత్తినే. నువ్వు గడిలో ఏమని రాసినావో రవంత చెప్పు."

ఆమె చెప్పింది. అవతల అతను ఒక్కో అక్షరం పలుకుతూ రాసుకోవడం వినబడింది. తడిసిన వేళ్ళతో హంపమ్మ పటం తుడిచి చూసింది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా నలభై మూడు మందలు చుక్కలు చుక్కలుగా తూర్పుకు నడుస్తున్నాయి. ఆమె చూస్తుండగానే మస్తాన్‌వలి చుక్క నిలిచిపోయింది.