వెలిగిన కిటికీలన్నీ మనుషులు కావు

"మా షిప్ కిటికీలు లెక్కపెట్టింది మీరేనా?"

పొద్దున్నే తొమ్మిదింటికి ఫోన్‌లో ఎవరో అమ్మాయి ఇలా అడిగితే ఏం చెప్పాలో ఏ ఆఫీసు ట్రైనింగులోనూ నేర్పరు. అతను కాఫీ కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఎవరండీ మీరు?"

"ఆ కిటికీల వెనకాల ఉన్నదాన్ని."

అతను ఒక బ్రోకరేజ్ కంపెనీలో అనలిస్టు. ఏ షేరు కొనాలో, ఏది అమ్ముకోవాలో ఇన్వెస్టర్లకు రాసి చెప్పడం అతని పని. విమానాలు, హోటళ్లు, క్రూయిజ్ షిప్పులు అతని వంతు. మహమ్మారి వచ్చి లోకమంతా తలుపులు వేసుకున్నాక ఆ షేర్లన్నీ మూలన పడ్డాయి. వాటితోపాటు అతనూ మేడమీది గదిలో లాప్‌టాప్ ముందు పడ్డాడు. ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, 'అనుమానం' అంటారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని కంపెనీవాళ్లు చెబితే, దానికీ ఆధారం అడిగే రకం.

ఆ మేడమీంచి చూస్తే హార్బర్ కనిపిస్తుంది. ప్రయాణికులు లేని తెల్లటి క్రూయిజ్ షిప్ ఒకటి మూడు నెలలుగా అక్కడే కట్టేసి ఉంది. అందులో నలభై రెండు మందే ఉన్నారనీ, ఖర్చులు బాగా తగ్గించామనీ షిప్ కంపెనీ ప్రకటించింది. అతనికి నమ్మకం కుదరలేదు. వారంపాటు సాయంత్రం టీ తాగుతూ, వాళ్లమ్మతో కలిసి, వెలిగిన కిటికీలు లెక్కపెట్టాడు. లెక్కల టీచరుగా రిటైరైన అమ్మకు పై అంతస్తులు, తనకు కింది అంతస్తులు. ఏ రోజూ నూట నలభైకి తగ్గలేదు.

"నిన్న వెలిగినవి ఇవాళ వెలగలేదురా," అందావిడ ఓ రోజు.

"మనుషుల్ని మారుస్తున్నారమ్మా. అంటే ఇంకా ఎక్కువమందే ఉన్నారు," అన్నాడు, దొంగ దొరికినంత సంబరంగా.

గదికి ఇద్దరు చొప్పున దగ్గర దగ్గర మూడు వందల మందిని షిప్పులో దాచి, కంపెనీ అబద్ధాలు చెబుతోందని రిపోర్టు రాసి పారేశాడు. అసలే క్రూయిజ్ షేర్లంటే జనం బెదిరిపోయి ఉన్నారు. ఒక్కరోజులో షేరు పదకొండు శాతం పడింది. కంపెనీ ఖండించింది. ఖండించినకొద్దీ జనానికి అనుమానం ముదిరింది.

ఆ రిపోర్టు చివర అతని ఫోన్ నంబరు ఉంది.

"నేనా షిప్పులో ప్లంబింగ్ ఇంజనీర్ని," అంది అమ్మాయి. "గదులు ఖాళీగా ఉన్నాయని ఊరుకుంటే పైపుల్లో నీళ్లు నిలవుండి పాడైపోతాయి, రోగాలొస్తాయి. అందుకని వారానికోసారి ప్రతి గదిలోనూ కుళాయి తిప్పి నీళ్లు పోనివ్వాలి. నేనూ, స్టోర్ చూసే బాబాయ్ కలిసి రోజూ సాయంత్రం నూట నలభై గదులు తిరుగుతాం. కుళాయి తిప్పగానే గదిలో లైటు వేస్తాం. వెనక్కొచ్చి కుళాయి కట్టేశాక లైటు తీసేస్తాం. ఎక్కడ నీళ్లు పోతున్నాయో మర్చిపోకుండా అది మా గుర్తు."

"అంటే... లైటు వెలిగిందంటే..."

"కుళాయి తిరిగిందని. మీరేమో ఒక్కో కుళాయికి ఇద్దరేసి మనుషుల్ని పుట్టించి, జీతాలు కూడా కట్టేశారు."

"ఇదంతా నేనెలా నమ్మాలి?" అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

అవతల స్పానర్ ఒకటి ఠంగున కింద పెట్టిన చప్పుడు. కోపాన్ని మడిచి పక్కన పెడుతున్నట్టుంది.

"సాయంత్రం ఆరింటికి మేడెక్కండి. మీరు ఏ కిటికీ చెబితే అది వెలిగిస్తాను."

సాయంత్రం ఆరింటికి తల్లీకొడుకులిద్దరూ పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. ఏడో అంతస్తులో చివరిది అన్నాడతను. ఫోన్‌లో పరుగు, తలుపు చప్పుడు, నీళ్ల చప్పుడు. ఏడో అంతస్తులో చివరి కిటికీ వెలిగింది.

అమ్మ ఫోన్ లాక్కుంది. "అమ్మాయీ, నాలుగో అంతస్తు మధ్యలోది కూడా ఓసారి వెయ్యి తల్లీ."

"మూడంతస్తులు దిగాలండీ, ఆగండి," అందా అమ్మాయి, రొప్పుతూ.

నాలుగో అంతస్తు మధ్యలో కిటికీ వెలిగింది. అమ్మ కొడుకు వైపు తిరిగింది. "తాడుని చూసి పామనుకున్నావు సరే, ఊరంతా ఎందుకు కేకలేశావురా?"

అతను ఫోన్ తీసుకుని, "సారీ అండీ," అన్నాడు.

"సారీ నాకెందుకు? శుక్రవారం కంపెనీ కొత్త షేర్లు అమ్మకానికి పెడుతోంది. ఎవరూ కొనకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఈ షిప్పుని తుక్కుకి అమ్మేస్తుంది. నలభై రెండు మందిమీ ఇంటికే. ఈలోగా మీ రిపోర్టు దిద్దుతారా?"

"దిద్దుతాను."

ఇది జరిగింది సోమవారం. మంగళవారం పొద్దున్న వాళ్ల హెడ్ ఈ మాట విని, స్క్రీన్ మీదనే తల పట్టుకున్నాడు.

"మనం తప్పు రాశామని మనమే చెప్పుకుంటే, రేపు మన మాట ఎవడు కొంటాడయ్యా? 'ఇంకా పరిశీలిస్తున్నాం' అని ఒక ముక్క పడేసి ఊరుకో. లేదంటే నీ కుర్చీ సంగతి నేను చెప్పలేను."

మింగలేక కక్కలేక ఊరుకున్నాడతను. ఆ సాయంత్రం కుండపోతగా వాన. హార్బర్ మొత్తం తెల్లగా మూసుకుపోయింది. అయినా గొడుగు వేసుకుని మేడెక్కి ఫోన్ చేశాడు.

"ఏం కనబడుతోంది?" అంది.

"గొడుగు."

ఆ అమ్మాయి నవ్వింది. బాత్రూం టైల్స్ మధ్య ఆ నవ్వు రెండుసార్లు వినబడింది. ఒకసారి విన్నా పడిపోయేవాడే.

"మీరెప్పుడైనా షిప్ ఎక్కారా?"

"లేదు."

"ఎక్కకుండానే వాటి గురించి రాస్తారా?"

"సిమెంటు గురించి రాసేవాడు సిమెంటు తింటాడా అండీ?"

కుళాయి నుంచి కుళాయికి మాటలు సాగాయి. వాళ్లిల్లు ఈ ఊళ్లోనేనట. చిన్నప్పుడు ఇంట్లో కుళాయి కారితే వాళ్ల నాన్న బకెట్ పెట్టేవాడట, ఈవిడ స్పానర్ తెచ్చేదట. ఖాళీ షిప్పులో నడుస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే తోడొస్తుందట. అతను తన నిక్‌నేమ్ చెప్పాడు. "భలే పెట్టారు, మీ వాళ్లకి నా తరఫున థాంక్స్ చెప్పండి," అంది. ముఖం ఎలా ఉంటుందో తెలియని అమ్మాయితో గంటన్నర మాట్లాడి, గొడుగు మూసి కిందికి దిగాక గానీ వాన ఎప్పుడో ఆగిపోయిందని తెలియలేదు.

ఫోన్ పెట్టేసేముందు ఆ అమ్మాయి ఒక్క మాట అడిగింది. "రాశారా?"

"రేపు."

బుధవారం ఫోన్ ఎత్తుతూనే అడిగింది. "రాశారా?"

"మా హెడ్ ఏమన్నాడంటే..."

"నేను మీ హెడ్‌ని అడగలేదు." ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎనిమిదిసార్లు చేశాడు, ఎనిమిదిసార్లూ ఎత్తలేదు. కిటికీలు మాత్రం వరసగా వెలుగుతూనే ఉన్నాయి, అతనితో తమకేం పనిలేదన్నట్టు.

"క్లాసులో లెక్క తప్పితే పిల్లలు కొట్టేసి పక్కన మళ్లీ చేసేవాళ్లు," అంది అమ్మ వెనకనించి. "నువ్వు తప్పు లెక్క మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నావు."

"ఉద్యోగం పోతుందేమోనమ్మా."

"పోతే ఇంకోటి వస్తుంది. ఇంకా ఏదో ఉంది. చెప్పు."

అతను పిట్టగోడ మీద వేలితో గీతలు గీశాడు. "షిప్ బతికితే ఆ అమ్మాయి దానితోపాటే వెళ్లిపోతుంది. ఏడెనిమిది నెలలు ఇటువైపే రాదు. నేను నోరు మూసుకుంటే ఇక్కడే ఉండిపోతుంది."

అమ్మ ఓ క్షణం కొడుకుని ఎగాదిగా చూసింది. "అదా సంగతి," అంది. ఖాళీ కప్పులు తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం షిప్ కంపెనీ పెద్దలు ఇన్వెస్టర్లతో ఆన్‌లైన్ మీటింగ్ పెట్టారు. వందలమంది చేరారు. జనం మళ్లీ ఎప్పుడు షిప్పులెక్కుతారు, చేతిలో డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుంది, పోర్టులు రానిస్తాయా... ప్రశ్నల మీద ప్రశ్నలు. కంపెనీ ఛైర్మన్ గొంతు అరిగిపోయింది. అంతలో అతని వంతు వచ్చింది.

"నా దగ్గర ప్రశ్న లేదండి, ఒక తప్పుంది," అన్నాడు. "ఈ షిప్పులో మూడు వందల మంది ఉన్నారని రాసింది నేనే. నేను లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, కుళాయిల్ని."

"కుళాయిలేంటి నాయనా?" అన్నాడు ఎవరో పెద్దాయన.

మొత్తం చెప్పాడు. లైటు గుర్తు, నూట నలభై గదులు, ఇద్దరే మనుషులు. మధ్యలో ఎవరో నవ్వారు, అతను ఆగలేదు.

"జనం మళ్లీ ప్రయాణాలు చేస్తారో లేదో నాకు తెలీదు. ఆ అనుమానం నాకింకా ఉంది, మీకూ ఉండడం మంచిదే. కానీ వీళ్లు నలభై రెండు మంది అన్నారు, నలభై రెండు మందే ఉన్నారు. వాళ్లని అబద్ధాలకోరులన్నది నేను. క్షమించమని అడుగుతున్నాను."

తర్వాత ఆ పెద్దాయనే అన్నాడు. "నలభై ఏళ్లుగా షేర్లు కొంటున్నాను. నాది తప్పు అన్న అనలిస్టుని ఇవాళే చూశాను. ఎవరూ చూడని గదిలో కుళాయి తిప్పే మనుషులున్నారంటే, నేను కొంటాను."

శుక్రవారం కొత్త షేర్లు అమ్ముడుపోయాయి. ఎగబడి కొన్నారని చెబితే అబద్ధమవుతుంది. అత్తెసరు మార్కులతో గట్టెక్కినట్టు గట్టెక్కాయి. షిప్ తుక్కుకి పోలేదు. హెడ్ అతని కుర్చీ తీసేయలేదు గానీ, ప్రయాణాల షేర్లు లాగేసుకుని సిమెంటు అప్పగించాడు. "బస్తాలకి కిటికీలుండవు, హాయిగా ఉండు," అన్నాడు.

ఆ సాయంత్రం అతని ఫోన్ మోగింది.

"నేనూ విన్నాను ఆ మీటింగు. బాబాయ్ ఫోన్‌లో," అందామె. "వచ్చే ఆదివారం నన్నొక పూట బయటికి వదులుతున్నారు. హార్బర్ గేటు దగ్గరికి పదింటికి వస్తారా?"

తొమ్మిదింటికే వెళ్లాడు. కొడుకు మాస్కు సరిగ్గా పెట్టుకుంటాడో లేదోనన్న మిషతో అమ్మ కూడా వచ్చి, కాస్త దూరంలో బెంచీ మీద కూర్చుంది.

గేటులోంచి నీలం యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చి, నేలమీద ఆరడుగులకొకటి గీసిన పసుపు గీతల్లో ఒకదాని దగ్గర ఆగింది. ఇతను రెండో గీత దగ్గర ఆగాడు. మాస్కు పైన కనబడే కళ్లు అలసిపోయి ఉన్నాయి, నవ్వుతున్నాయి. తనక్కావలసింది ఈ అమ్మాయేనని అతనికి అక్కడే తేలిపోయింది.

"వచ్చే నెల మూడున బయల్దేరుతున్నాం," అందామె. "ఏడు నెలలు. మీరు ఆ రోజు మాట్లాడకపోతే నేనిక్కడే ఉండిపోయేదాన్ని. అది తట్టలేదా మీకు?"

"తట్టింది."

"ఎప్పుడు?"

"మాట్లాడకముందే."

"తట్టినా చెప్పారా?"

"మీ పని పోగొట్టి మిమ్మల్ని పక్కన కూచోబెట్టుకుంటే, రోజూ మీ ముఖం ఎలా చూడను?" అని ఊపిరి తీసుకున్నాడు. "ఏడు నెలలూ ఎదురుచూస్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ముఖం చూడకముందు నుంచీ."

ఆమె ఒక్క అడుగులో పసుపు గీత దాటింది. అతను కంగారుగా గీత వైపు చూశాడు.

"పొద్దున్నే టెస్టు చేశారు. జబ్బు లేదనే వచ్చింది," అంటూ జేబులోంచి మడిచిన కాగితం తీసింది. "ఇదిగో రిపోర్టు. నువ్వు ఆధారం లేనిదే ఏదీ నమ్మవు కదా. చూసుకో."

ఆ 'నువ్వు' విన్నాక అతనికి కాగితం కనబడలేదు. "అక్కర్లేదు," అన్నాడు.

బెంచీ మీదనుంచి అమ్మ లేచి వచ్చింది. కళ్లజోడు సర్దుకుంటూ చెయ్యి చాపింది.

"వాడికి అక్కర్లేదులే తల్లీ. నాకియ్యి, నేను చూస్తాను," అంది. కాగితం పైనుంచి కిందిదాకా, తేదీతో సహా చదివింది. చదివి, మడిచి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకుంది.