ముదురెరుపు అంచు టోపీ

పరుగు!

ప్రేమజ్యోతి వెనక్కి చూడదు. చూస్తే జారి పడుతుంది. పేవ్‌మెంట్ అంతా గడ్డకట్టిన మంచు!

చంకలో గుండ్రటి అట్టపెట్టె. వెనక కారు హారన్!

"ఏయ్ జ్యోతీ! ఆగు! ఆ పెట్టె నాది!"

యోగానంద్ గొంతు. పాత మిలిటరీ సామాన్లు కొని అమ్మే మనిషి.

"నీదంట, నీది! సిగ్గు లేకపోతే సరి!" పళ్ళు నూరుకుంటూ ఆమె ఇళ్ళ వెనక సందులోకి తిరుగుతుంది.

కెనడాలోని విన్నిపెగ్. డిసెంబరు. సాయంత్రం ఐదు కూడా కాలేదు, అప్పుడే కటిక చీకటి. మైనస్ ఇరవై తొమ్మిది. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల మంటెత్తిపోతోంది.

రెండు నిమిషాల కిందట కాఫీ షాపు ముందు అతను కారు ఆన్‌లోనే వదిలి లోపలికి వెళ్ళాడు. ఈ ఊళ్ళో చలికాలం చాలామంది చేసే పనే. ఇంజన్ ఆపితే మళ్ళీ ఎప్పుడు పలుకుతుందో ఎవరికి తెలుసు! తలుపు లాక్ చెయ్యలేదు. వెనక సీట్లో పెట్టె. జ్యోతి తలుపు తీసింది... పట్టుకుంది... పరుగెత్తింది!

అసలు అతన్ని అక్కడికి రప్పించిందీ తనే. టోపీ కొంటానని వేరే పేరుతో మెసేజ్ పెట్టి!

సందు మొదట్లో హెడ్‌లైట్లు!

జ్యోతి చెత్త డబ్బాల వెనక నక్కుతుంది. కారు మెల్లగా ముందుకు పోతుంది. ఒకటి... రెండు... మూడు...

లేస్తుంది. మళ్ళీ పరుగు!

ఇదంతా ఒక్క దరిద్రపు టోపీ కోసం!

బాపట్ల నుంచి వచ్చి రెండేళ్ళయింది. బేస్‌మెంట్‌లో ఏడుగురు అమ్మాయిలు, ఒక్క బాత్రూమ్. కాలేజీలన్నీ బయటి దేశాల పిల్లలతో కిటకిట. ఒక్క పార్ట్‌టైమ్ జాబ్‌కి మూడు వందల అప్లికేషన్లు, అందులో సగం మనవాళ్ళవే. అలాంటి రోజుల్లో చర్చిలో ఎవరో చెబితే దొరికింది డాక్టర్ రాఘవయ్య గారింట్లో పని. రిటైరైన సర్జన్. ఇంట్లో ఒక గది నిండా పాత యుద్ధకాలం వస్తువులు. కొలతలు తియ్యాలి, ఫొటోలు తియ్యాలి, రిజిస్టర్‌లో రాయాలి. వెచ్చటి గదిలో కూర్చుని చేసే పని! దేవుడు కరుణించాడనుకుంది.

గత నెల ఆ టోపీ వచ్చింది.

నాజీ పార్టీ నాయకులు పెట్టుకున్న టోపీ. గోధుమరంగు గుడ్డ, ముందు చూరులా వంగిన నల్లటి అట్ట. అంచున సన్నటి రంగు గీత. ఆ గీత రంగును బట్టే పార్టీలో హోదా. ముదురెరుపు అంటే ఒక ప్రాంతం మొత్తాన్ని ఏలిన పార్టీ అధికారిది. చాలా అరుదు. ఎనభై ఏళ్ళ కిందట ఒక కెనడా సైనికుడు తెచ్చుకున్నాడు. ఆ సైనికుడే ముసలివాడై డాక్టర్ గారి పేషెంటయ్యాడు. "ఇది మళ్ళీ ఎవడి నెత్తినా ఎక్కకూడదు డాక్టర్, పిల్లలకి చూపించి చెప్పండి" అని ఒట్టు వేయించుకుని పోయాడు. అంత్యక్రియల రోజు ఆయన కూతురు ఆ టోపీని డాక్టర్ గారి చేతిలో పెట్టింది.

అక్కడే జేబులోని చిన్న యూవీ లైట్ వేసి చూశారు డాక్టర్ గారు. ఇప్పటి దారం ఆ లైట్‌కి నీలంగా వెలుగుతుంది, ఆ కాలం దారం వెలగదు. వెలగలేదు. అసలైన సరుకు!

వారం తర్వాత వెల కట్టడానికి యోగానంద్ వచ్చాడు. మళ్ళీ లైట్ వేశాడు.

లోపలి కుట్లన్నీ నీలంగా భగ్గుమన్నాయి!

"నకిలీది సార్. ఎవరో మార్చేశారు," అన్నాడు.

గది తాళం జ్యోతి దగ్గరే ఉంటుంది.

"నేను తియ్యలేదండీ!" ఎన్నిసార్లు చెప్పింది! కన్నీళ్ళతో చెప్పింది, బైబిల్ మీద చెయ్యేసి చెప్పింది. గోడకి చెప్పినా కాస్త చలించేదేమో! చివరికి నిన్న డాక్టర్ గారు తేల్చేశారు. "రేపు సాయంత్రం ఆరింటిలోగా తెచ్చి పెట్టు. లేదంటే పోలీసులకి ఫోన్ చేస్తాను."

పోలీసు కేసు! ఈ దేశంలో స్థిరపడటానికి పెట్టుకున్న పీఆర్ ఫైల్ ప్రాసెసింగ్‌లో ఉంది. ఒక్క మచ్చ పడితే చాలు, ఫ్లైట్ ఎక్కించేస్తారు!

రాత్రే నెట్‌లో యోగానంద్ పోస్టు కనిపించింది. ముదురెరుపు అంచు టోపీ... అమ్మకానికి!

ఇంకేం కావాలి?

డాక్టర్ గారిల్లు! మెట్లు! బెల్లు! మళ్ళీ బెల్లు!

తలుపు తీసింది డాక్టర్ గారి భార్య పద్మిని గారు. మిల్టన్‌లో కూతురి దగ్గర నెల రోజులుండి మధ్యాహ్నమే వచ్చారు.

"ఇదేంటమ్మా ఇలా అయిపోయావ్! పెదాలు నీలంగా..."

"అంకుల్ ఏరి ఆంటీ?"

రాఘవయ్య గారు లేచి వస్తారు. జ్యోతి పెట్టె బల్ల మీద పెడుతుంది.

"ఇదిగోండి మీ టోపీ! యోగానంద్ కార్లో దొరికింది! ఇప్పటికైనా నమ్ముతారా?"

ఆయన దీపాలు ఆర్పుతారు. యూవీ లైట్ వేస్తారు.

కుట్లు వెలగవు!

జ్యోతికి ఏడుపు వస్తుంది. హమ్మయ్య, గెలిచాను!

డాక్టర్ గారు దీపాలు వేసి లోపలి తోలు పట్టీ మడిచి చూస్తారు. మొహం మారిపోతుంది.

"సైజు యాభై ఆరు."

"అయితే?"

"ఆ రోజు నేను చూసింది యాభై ఎనిమిది. రిజిస్టర్‌లో నువ్వే రాశావు. ఇది అసలైనదే... కానీ నాది కాదు!"

"మరి మీది?"

ఆయన బీరువా తీసి, యోగానంద్ నకిలీదన్న టోపీ తెస్తారు. పట్టీ మడుస్తారు. యాభై ఎనిమిది. లైట్ వేస్తారు. నీలంగా భగ్గుమంటుంది.

"ఇదేంటండీ, ఆ చనిపోయినాయన టోపీయేగా?" పద్మిని గారు తొంగిచూస్తారు. "దీన్ని నేనే శుభ్రం చేశానుగా!"

రాఘవయ్య గారు గిరుక్కున తిరుగుతారు.

"ఏం చేశావ్?"

"అంత్యక్రియల నుంచి వచ్చి మీరు స్నానానికి వెళ్ళారు కదా. చావింటి వస్తువు... దేవుడి గది పక్కన అలాగే పెట్టేస్తామా? సర్ఫు నీళ్ళలో గుడ్డ ముంచి లోపలా బయటా తుడిచి ఆరబెట్టాను. మర్నాడు పొద్దున్నే మిల్టన్ వెళ్ళిపోయా. ఏం, తప్పయిందా?"

రాఘవయ్య గారు మెల్లగా లైట్‌ని తన ఉతికిన చొక్కా మీదకి తిప్పుతారు.

అదే నీలం!

బట్టలు తెల్లగా మెరవాలని సర్ఫులో కలిపే మందు. వెలిగింది అదీ!

ఎవరూ మార్చలేదు. ఎవరూ దొంగిలించలేదు. మూడు వారాలు నిద్రాహారాలు లేకుండా తను ఏడ్చింది దేనికి? సర్ఫు నీళ్ళకి!

జ్యోతికి నవ్వాలో, బల్ల మీది సామానంతా విసిరికొట్టాలో తెలియదు. అప్పుడు ఆమె చూపు రెండో టోపీ మీద పడుతుంది.

యోగానంద్ టోపీ!

వాడిది వాడికి నిజంగానే సొంతం... దొంగ తనే!

బెల్లు!

గుమ్మంలో పోలీసు ఆఫీసర్. వెనకే రొప్పుతూ యోగానంద్. కనుబొమ్మల మీద మంచు.

"డాక్టర్ రాఘవయ్యా? దొంగతనం జరిగిందని నాలుగింటికి ఫోన్ చేశారు," ఇంగ్లీషులో అంటాడు ఆఫీసర్.

నాలుగింటికి!

"ఆరింటిదాకా టైమ్ ఇచ్చారు కదండీ!" జ్యోతి ఆయన వైపు ఒక అడుగు వేస్తుంది.

డాక్టర్ గారు తల దించుకుంటారు.

"ఆ పెట్టె నాది, ఆఫీసర్! ఎడ్మంటన్‌లో కొన్నాను. ఈ అమ్మాయి నా కార్లోంచి ఎత్తుకొచ్చింది!" యోగానంద్ అరుస్తాడు.

ఆఫీసర్ బల్ల వైపు చూస్తాడు. జ్యోతి వైపు చూస్తాడు. డాక్టర్ గారి వైపు చూస్తాడు.

రాఘవయ్య గారు తల ఎత్తుతారు. నలభై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డ మనిషి. మాట తొణకదు.

"పోయిన వస్తువు ఇదే, ఆఫీసర్. దొంగ ఈ అమ్మాయి కాదు. పొరపాటున ఈమె పేరు చెప్పాను." వేలు యోగానంద్ వైపు తిరుగుతుంది. "తీసింది ఇతను. ఈమె పట్టుకుని తెచ్చింది."

"ఏమండీ!" పద్మిని గారు నోరు నొక్కుకుంటారు.

"అబద్ధం! నేను తియ్యలేదు! సార్, నేను తియ్యలేదు!"

ఆ గొంతు! ఆ వణుకు! మూడు వారాలుగా జ్యోతికి అద్దంలో కనిపిస్తున్న మొహం, ఇప్పుడు గుమ్మంలో!

ఆఫీసర్ ఆమె వైపు తిరుగుతాడు. "నిజమేనా?"

అవునంటే చాలు. కేసు ఉండదు. ఫైల్ కదులుతుంది. ఒక్క మాట!

డాక్టర్ గారి కళ్ళు ఆమెని బతిమాలుతున్నాయి.

జ్యోతి రిజిస్టర్ తీస్తుంది. పేజీ తిప్పి ఆఫీసర్ ముందు పెడుతుంది.

"డాక్టర్ గారిది యాభై ఎనిమిది సర్. ఇది యాభై ఆరు, యోగానంద్ గారిదే. ఆయన కార్లోంచి నేనే తీశాను."

మూడు వారాలు నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు.

ఆఫీసర్ మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా బేడీలు తీస్తాడు!