ఆల్చిప్పల తొట్టిలో పసుపు చేప

కార్ఖానా మొదటి కూత వినపడగానే రాజనర్సు లేచి ముఖం కడుక్కొని, కొడుకు పడుకున్న గదిలోకి అడుగుల చప్పుడు కాకుండా వెళ్లాడు. రెండు నెలలుగా అతనికి అదే అలవాటు. కిటికీ పక్కన ఇనుప చట్రంలో బిగించిన అద్దాల తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, అడుగున ఇసుక, ఇసుక మీద మూడు సముద్రపు ఆల్చిప్పలు. కార్ఖానా ల్యాబొరేటరీలో చెరుకు రసం చిక్కదనం చూసే గాజు మీటరును నీళ్లలోకి మెల్లగా వదిలి, అది ఏ గీత దాకా మునిగిందో వంగి చూశాడు. ఆరు గీత కొద్దిగా దాటి ఉండాలి; ఇవాళ ఏడు దాకా వచ్చింది. నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడింది. సీసాలోంచి గ్లాసెడు మంచినీళ్లు సన్నని ధారగా పోసి, మళ్లీ చూసి, మీటరు తుడుచుకొని, కొడుకు కళ్లు తెరవకముందే బయటపడ్డాడు.

ఆ పని తను చేస్తున్నట్టు కొడుక్కి చెప్పొద్దని భార్య ముత్తవ్వకు గట్టిగా చెప్పాడు. తల్లే నీళ్లు పోస్తోందని కొడుకు రామ్‌దాస్ అనుకునేవాడు.

బోధన్ చక్కెర కార్ఖానాలో రాజనర్సుది ఇరవై నాలుగేళ్ల సర్వీసు. ఎడపల్లిలో మడి దున్నుకునే ఇంట్లో పుట్టి, ల్యాబొరేటరీలో తెల్ల కోటు వేసుకునే స్థాయికి వచ్చినవాడు. కనపడిన ప్రతి ఆఫీసరునూ బతిమాలి కొడుక్కి అక్కడే పని ఇప్పించాడు. రామ్‌దాస్ పదకొండో రోజున పని వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బొంబాయి రైలెక్కాడు. సముద్రపు చేపలను అద్దాల తొట్లలో పెట్టి జనానికి చూపించే చోట, తొట్లు కడిగే పనిలో చేరానని ఉత్తరం రాశాడు. రాజనర్సుకు అన్నదమ్ముల ముందు తల కొట్టేసినట్టయింది. ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పడేశాడు. తర్వాత వచ్చినవాటిని ముట్టుకోలేదు. పక్క క్వార్టర్లో ఉండే అయ్యూబ్ వాటిని ముత్తవ్వకు చదివి వినిపించేవాడు. అయ్యూబ్ కూడా ల్యాబొరేటరీ మనిషే. అతని తమ్ముడు ఉస్మాన్ బొంబాయిలో దర్జీ పని చేస్తాడు.

అలా ఆరేళ్లు గడిచాక, దసరా వెళ్లిన వారానికి, ఆ ఉస్మానే రామ్‌దాస్‌ను చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాడు. కాళ్లు వాచి ఉన్నాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెను తినేసిందని, చలికాలం దాటించడం కష్టమని హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు. కొలువు వదిలి వస్తుంటే అక్కడివాళ్లు అతను సాకిన ఆల్చిప్పలనే బహుమానంగా ఇచ్చారట. తడిగుడ్డలో చుట్టి, సముద్రం నీళ్లు పెద్ద గాజు బుడ్లలో నింపి రైల్లో వేసుకొచ్చారు.

ఆ రోజు రాజనర్సు గుమ్మంలో నిలబడి, కొడుకును కాకుండా భార్యను చూస్తూ, మంచం కిటికీ దగ్గర వేయమన్నాడు. తండ్రీకొడుకుల మధ్య అంతే మాట. అన్నం తిన్నాడా, మందు వేసుకున్నాడా, అన్నీ ముత్తవ్వనే అడిగేవాడు. కోపం ఎప్పుడో పోయింది. వాచిన ఆ కాళ్లను చూసిన నిమిషంలోనే పోయింది. కానీ ఆరేళ్ల తర్వాత మొదటి మాట ఏది మాట్లాడాలో అతనికి తెలియలేదు. రేపు మాట్లాడదాం అనుకుంటూ రోజులు జరిపాడు.

పొద్దెక్కి ఎండ తొట్టి మీద పడితే ఆల్చిప్పలు నోరు విప్పేవి. పెంకు అంచుల మీదికి నీలం, పచ్చ కలిసిన మెత్తటి పెదవులు పరుచుకునేవి. మనిషి నీడ పడితే చటుక్కున మూసుకునేవి. రామ్‌దాస్ వాటిని చూస్తూనే పూట గడిపేవాడు. ఒకరోజు రాజనర్సు వరండాలో చెప్పులు వేసుకుంటుండగా లోపల కొడుకు తల్లితో అంటున్న మాట వినపడింది.

"దీంట్ల ఒకటి రెండు చేపలుంటె మంచిగుండు అవ్వా."

ఆ మాట రాజనర్సు గుండెలో పడింది. కొడుకు ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ, రెండో కూత వినపడటంతో ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ పొద్దే అయ్యూబ్‌ను పట్టుకొని, ఉస్మాన్ చేత ఒక సముద్రపు చేపను పంపించమన్నాడు. ఏ చేప కావాలో రామ్‌దాస్‌ను అడిగి రాసిమ్మని అయ్యూబ్ అన్నాడు. రాజనర్సు తల అడ్డంగా ఊపి, చూడటానికి అందంగా ఉన్నదేదైనా సరే అన్నాడు.

పదిహేను రోజులకు మన్మాడు మీదుగా, ఒక తెలిసినవాడి ఒళ్లో, మూతి వెడల్పాటి గాజు సీసాలో చేప వచ్చింది. అరచేయంత ఉంది. పలకలాగా పల్చగా, అప్పుడే దంచిన పసుపు రంగులో, కంటి మీదుగా నల్లటి పట్టీతో ఉంది. రాజనర్సు జీవితంలో అంత అందమైన ప్రాణిని చూడలేదు. మధ్యాహ్నం రామ్‌దాస్ కునుకు తీస్తున్నప్పుడు దాన్ని తొట్టిలో వదిలి, ఆ వారం తనకు పడ్డ రెండో షిఫ్టుకు వెళ్లిపోయాడు. పనిలో ఉన్నంతసేపూ కొడుకు ముఖం ఎలా వెలిగి ఉంటుందో ఊహించుకున్నాడు.

ఇంటికి రాగానే వాడు ఏమన్నాడని ముత్తవ్వను అడిగాడు. ఎవరు వేశారని అడిగాడని, మీ బాపు అని చెప్పానని, గోడవైపు తిరిగి పడుకున్నాడని ఆమె చెప్పింది. నిద్రమత్తులో ఉన్నాడేమోలే అనుకున్నాడు రాజనర్సు.

మర్నాటి నుంచి ఆల్చిప్పలు సరిగా విప్పుకోలేదు. పసుపు చేప వాటి చుట్టూ తిరుగుతూ, పెదవి కాస్త బయటికి రాగానే సూదిలాంటి మూతితో పొడిచేది. నీలం అంచులు పీలికలయ్యాయి. ముత్తవ్వ చూడలేక దాన్ని తీసేస్తానంటే, రామ్‌దాస్ వద్దని, ఉండనివ్వమని అన్నాడు. ఆ రోజు నుంచే మందులు కూడా వద్దన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే రాజనర్సు మీటరు తీసుకొని వెళ్లేసరికి తొట్టిలోంచి కుళ్లు వాసన వచ్చింది. రెండు ఆల్చిప్పలు నోళ్లు తెరుచుకొని పడి ఉన్నాయి. నీడ పడినా మూసుకోలేదు.

అతను వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు. ముత్తవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నీకు ఏం తెల్వదా, తెల్వనట్టు జేస్తున్నవా?" అంది. "గా చేప ఆల్చిప్పలను తింటదంట. గిట్ల అయితదని వానికి మొదటి దినమే తెలుసు."

"తెలిస్తె ఎందుకు చెప్పలె?"

"నువ్వెందుకు అడగలె? పది అడుగుల దూరంల పండుకున్నడు. బొంబాయికి మనిషిని పంపినవు గాని, గా గదిలకు పోయి ఒక్క మాట అడగలె. ఆరేండ్లాయె, నీ మాటలు వానికి, వాని మాటలు నీకు మోసుకుంట తిరుగుతున్న. ఇగ నాతోని కాదు. వాడు పోయినంక ఎవలతోని మాట్లాడ్తవో మాట్లాడు."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఆమె వాటిని దించలేదు. రాజనర్సు లేచి కొడుకు గదిలోకి వెళ్లాడు. ఈసారి అడుగుల చప్పుడు దాచుకోలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి చచ్చిన రెండింటినీ తీసి పళ్లెంలో పెట్టాడు. పసుపు చేపను సీసాలోకి పట్టాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

రామ్‌దాస్ మెలకువగానే ఉన్నాడు. తండ్రి చేతిలోని గాజు మీటరును చూసి, అదెందుకని కళ్లతోనే అడిగాడు.

"నీళ్లు సూసెటందుకు," అన్నాడు రాజనర్సు. "దినాం నేనే సూస్తున్న."

రామ్‌దాస్ ముఖంలో రంగు మారింది. "అవ్వ పోస్తుందనుకున్న."

"అవ్వకు గీతలేం తెలుసురా."

రామ్‌దాస్ ఊపిరి గరగరలాడుతోంది.

"మరి గా చేపనెందుకు ఏసినవు బాపు?"

"మంచిగ అవుపడ్డది. నువ్వు సంబురపడ్తవనుకున్న."

రామ్‌దాస్ కళ్లు మూసుకున్నాడు. కొనల్లోంచి నీళ్లు చెవుల మీదికి జారాయి.

"నేను గట్లనుకోలె," అన్నాడు. "నా పని నీకు పడదు గద. నేను తెచ్చుకున్నయి నా కండ్ల ముందట సావాల్నని ఏసినవనుకున్న. సరే, బాపు కోపమన్న తీరనియ్యి అని ఊకున్న."

చావుకు దగ్గరపడిన కొడుకు, కన్నతండ్రి తన మీద అంత పగ పెట్టుకున్నాడని నమ్మి, దాన్ని కూడా ఓర్చుకొని నాలుగు రోజులు గోడవైపు చూస్తూ పడుకున్నాడు. అలా నమ్మేట్టు చేసింది ఎవరు? తను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడలేదు, అంతే. రాజనర్సు వంగి, కొడుకు వాచిన పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. రామ్‌దాస్ చెయ్యి చాపాడు గానీ తండ్రి తల దాకా అందలేదు.

తేరుకున్నాక రాజనర్సు అడిగాడు. "ఏ చేపలు పడ్తయి బిడ్డా వీటికి? నాకు చెప్పు."

ఆయాసం మధ్య ఆగి ఆగి రామ్‌దాస్ చెప్పాడు. సన్నమూతి పలక చేపలు పెదవులు కొరుకుతాయి. పెద్ద పళ్ల చేపలు పెంకులు పగలగొడతాయి. ఎండ్రకాయలు సందు చూసి మాంసం లాగుతాయి. ఇసుకలో కూర్చొని దుమ్ము ఏరుకునే వేలెడు చేపలు, తెల్ల పట్టీలున్న నారింజ చేపలు ఎవరి జోలికీ పోవు. కొత్త చేపను వేసినా మొదటి రోజంతా పక్కన కూర్చొని చూడాలి. అలాంటివి తెప్పిద్దామా అని తండ్రి అడిగితే, ఇప్పుడు వద్దన్నాడు. మిగిలిన ఆల్చిప్ప కూడా బతకదని అతనికి తెలుసు. అది రెండో రోజున పోయింది.

చెరుకు గానుగాడే సీజన్లో ఇరవై నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టని రాజనర్సు ఆ నెల ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తనే తినిపించాడు. వీపు కింద దిండ్లు సర్దాడు. రామ్‌దాస్ సముద్రం గురించి చెప్పాడు, పాటు వచ్చి నీళ్లు వెనక్కి తీసినప్పుడు రాళ్ల మీద కనిపించే పురుగుల గురించి, తొట్టి ముందు నిలబడి గంటలకొద్దీ కదలని ముసలివాళ్ల గురించి చెప్పాడు. చెరుకు రసం వాసన తనకు చిన్నప్పటి నుంచీ కడుపులో తిప్పేదని కూడా చెప్పాడు. రాజనర్సు అది మొదటిసారి విన్నాడు. కొన్ని రోజులు గంట మాట్లాడేవాడు, కొన్ని రోజులు రెండు మాటలకే అలిసిపోయేవాడు. ఆపమంటే వినేవాడు కాదు. పుష్యమాసం చివర ఒక పొద్దున, మాట మధ్యలో ఆగి నీళ్లు అడిగి, తాగకముందే పోయాడు.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లాక, భార్యాభర్తలు ఖాళీ మంచానికి చెరోపక్క కూర్చున్నారు. కార్ఖానా కూత వినపడింది. రాజనర్సు లేవలేదు.

"వాడు గంత మంచిగ మాట్లాడ్తడని నాకు తెల్వదే," అన్నాడు.

ముత్తవ్వ దగ్గరికి జరిగి అతని భుజానికి తల ఆనించింది. నెల రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది.