మీటరు మీద అడుగులు

చలికాలంలో మా ఆఫీసులో తలుపు పిడి ముట్టుకోవాలంటే అందరికీ జంకే. బయటి గాలే పొడిగా ఉంటుంది, హీటర్లు దాన్ని ఇంకా ఎండబెడతాయి. నేలంతా నైలాన్ తివాచీ. నాలుగడుగులు నడిచి ఏ ఇనుప వస్తువును తాకినా వేలి కొసన చిన్న మెరుపు, చురుక్కుమనే నొప్పి. మనిషికి అది చురుకు మాత్రమే. కీబోర్డుకు చావు. లోపల గోరంత చిప్పులో సూది మొన పట్టేంత చోటు కాలిపోతుంది. ఇక అది లేవదు.

నేనక్కడ మరమ్మతుల మెకానిక్కును. పాత కాగితాల్లో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ ఆఫీసు పని. ఇరవై సీట్లు, ఇరవై కీబోర్డులు. నిరుటి చలికి ముప్పై ఒక్క కీబోర్డులు పోయాయి. అందుకని ఈ ఏడు ముందే అందరికీ మణికట్టు పట్టీలు పెట్టించాను. ఎడమ చేతికి గడియారంలా ఒక పట్టీ, దాన్నుంచి ఒక వైరు, చివర క్లిప్పు. క్లిప్పును బల్ల కింద ఉన్న ఎర్తు కడ్డీకి తగిలిస్తే రాపిడికి ఒంట్లో చేరిన కరెంటు, అంటే స్టాటిక్, ఎప్పటికప్పుడు నేలలోకి దిగిపోతుంది.

ఆ వైరులో బియ్యపు గింజంత రెసిస్టరు ఒకటి ఉంటుంది. కీబోర్డుకు దాంతో పని లేదు. అది మనిషి కోసం. ఎక్కడైనా అసలు కరెంటు తగిలితే ఒంటి గుండా నేలలోకి దూకకుండా అది అడ్డుకుంటుంది.

పెట్టెలో పట్టీలు ఇరవై వచ్చాయి. ఒకటి నా పనిబల్లకు ఉంచుకున్నాను. దాంతో ఒకటి తగ్గింది. తగ్గినదాన్ని నేనే చేశాను. రెసిస్టరు చేతిలో లేదు, రేపు పెడదాంలే అనుకుని ఉత్త రాగి వైరు అతికించి మా బామ్మర్దికి ఇచ్చాను. ఇంట్లోవాడు, ఏమీ అనుకోడని.

ఆ రేపు ఇరవై మూడు రోజులు సాగింది.

ఆఫీసులో వాణ్ని పిచ్చుక అనేవారు. పదివేళ్లతో కొట్టేవాళ్ల మధ్య వాడు రెండే వేళ్లతో, గింజలు ఏరుతున్నట్టు కొట్టేవాడు. టక్కుటక్, టక్కుటక్, కాస్త ఆగి, టక్. అయినా అందరికన్నా ముందే పని ముగించి లేచేవాడు. కళ్లకు వెలుతురు చాలడం లేదని ఇంటి నుంచి ఒక ఇనుప టేబుల్ ల్యాంపు తెచ్చుకున్నాడు. దాని లోపల వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందని ఎవరికీ తెలీదు. ఒక మధ్యాహ్నం, ఏడో సీటులో కూర్చుని, కుడి చేత్తో దాన్ని దగ్గరకు లాక్కోబోయాడు. ఎడమ చెయ్యి నేలకు కట్టేసి ఉంది. కట్టింది నేను.

అందరూ టీకి వెళ్లిన సమయం. మొదట చేరింది నేనే. మెయిన్ ఆపాను. వాడి చేతి నుంచి నేను చేసిన పట్టీ విప్పి జేబులో వేసుకుని, నా చేతికున్న అసలు పట్టీ వాడికి పెట్టాను. ఆ తర్వాతే కేక వేశాను.

ఆ పట్టీని ఆ సాయంత్రమే ముక్కలు చేసి వంతెన మీద నుంచి మురుగుకాలవలోకి విసిరేశాను. రిపోర్టులో, సొంత ల్యాంపు పాడైపోయి ఉండటం వల్ల, అని రాశారు. తప్పు వాడిదే అయింది.

"వాడి ఎడమ మణికట్టు చుట్టూ కాలిన గీత ఉంది," అంది నా భార్య పన్నెండో రోజున. "ల్యాంపు పట్టుకుంది కుడి చేత్తో కదండీ."

"కరెంటు ఎటు నుంచి ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?"

"మీరు చెప్పగలరు. మీ పనే అది."

ఆ తర్వాత ఆమె నాతో అన్నం పెట్టనా, తలుపేశారా, ఇలాంటివి తప్ప మాట్లాడలేదు.

ఏడో సీటు ఖాళీగానే ఉంది. అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు. అయినా నెల తిరిగేలోగా ఆ బల్ల మీద పెట్టినవి పెట్టినట్టే తొమ్మిది కీబోర్డులు పోయాయి. తొమ్మిదోదాన్ని సూపర్‌వైజరమ్మ తెచ్చి నా ముందు పడేసింది. ఆవిడను చాటుగా అలారం అంటాం.

"ఎవరూ ముట్టని కీబోర్డు ఎలా చస్తుందయ్యా?"

"తేమ వల్ల కావచ్చు మేడమ్."

"మొన్నటిదాకా గాలి పొడి అన్నావు. ఇవాళ తేమ. రేపు దిష్టి అంటావేమో. శనివారం సెలవు, హాలు ఖాళీగా ఉంటుంది. వచ్చి కనుక్కో. నీవల్ల కాకపోతే బయటివాళ్లను పిలిచి అన్నీ మొదటి నుంచి చూపిస్తాను. మీవాడు పోయిన రోజు నుంచి."

శనివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. స్టాటిక్ మెరుపులు చీకట్లోనే కనిపిస్తాయి కాబట్టి తెరలన్నీ దగ్గరకు లాగి లైట్లు ఆర్పేశాను. ఏడో బల్ల మీద కొత్త కీబోర్డు పెట్టి కనెక్షన్ ఇచ్చాను. పక్కన స్టాటిక్ మీటరు ఉంచాను. అది దేన్నీ తాకనక్కర్లేదు. దగ్గర్లో ఉన్న మనిషి ఒంటి మీద ఎంత చేరిందో దాని ముల్లు చూపిస్తుంది. నేను ఎనిమిదో సీటులో కూర్చుని, అక్కడి పట్టీనే చేతికి పెట్టుకున్నాను. పెట్టుకునే ముందు కొలిచాను. కంపెనీ పట్టీ. రెసిస్టరు సరిగ్గా ఉంది.

హీటరు మీద దుమ్ము కాలుతున్న వాసన. దాని రేకు వేడెక్కుతూ అప్పుడప్పుడు టిక్కుమంటోంది. తెరల సందులోంచి కూడా వెలుతురు రావడం లేదు. మీటరు ముల్లు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తోంది. సున్నా మీద.

అరగంట గడిచింది.

ముల్లు కదిలింది.

కాస్త లేచింది, కాస్త దిగింది. ఇంకాస్త లేచింది, మళ్లీ కాస్త దిగింది. ఈ లెక్క నాకు బాగా తెలుసు. అడుగు ఎత్తినప్పుడు పెరుగుతుంది, అడుగు వేసినప్పుడు తగ్గుతుంది. తివాచీ మీద మనిషి నడిస్తే ఇలాగే ఉంటుంది.

తలుపు తెరుచుకోలేదు. చప్పుడు లేదు. ముల్లు మాత్రం నడుస్తోంది.

ఐదు... ఆరు... తలుపు నుంచి ఏడో సీటుకు పద్నాలుగు అడుగులు. నేనే ఎన్నోసార్లు నడిచి కొలిచాను. పదకొండు... పన్నెండు... నా ముంజేతి మీద వెంట్రుకలు ఒక్కొక్కటే నిలబడ్డాయి. భయానికి కాదు. అవి ఏడో సీటు వైపు వంగాయి.

పద్నాలుగు.

పక్క కుర్చీ దిండులోంచి గాలి మెల్లగా బయటికి పోయింది. ఎవరో కూర్చుంటే పోయినట్టు.

టక్కుటక్. టక్కుటక్. కాస్త ఆగి, టక్.

ప్రతి మీట దగ్గరా సన్నటి నీలం మెరుపు. ఆ వెలుగులో మీటలు కిందికి దిగడం కనిపించింది. దింపుతున్న వేళ్లు కనిపించలేదు. ముక్కు మండించే మెరుపు వాసన. టక్... టక్... ఆగిపోయింది. కీబోర్డు చిన్న దీపం ఆరిపోయింది. పదోది.

ముల్లు చివరిదాకా వెళ్లి వణుకుతోంది. కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. నా వైపు తిరిగినట్టు.

"బావా..."

నేను కదల్లేదు.

"విప్పు..."

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కూడా వాడు అదే మాట అన్నాడు. మెయిన్ ఆపాక అన్నాడు. నాకు వినబడింది. నేను విప్పాను కూడా. ఆ తర్వాత ఎవరినైనా పిలవాల్సింది. నేను నా చేతి పట్టీ విప్పుతూ, వాడికి తొడుగుతూ, క్లిప్పు తగిలిస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో వాడి ఊపిరి ఎక్కడ ఆగిందో నాకు తెలుసు.

"పట్టీ విప్పాను కదరా," అన్నాను.

"ఇప్పుడు నీకు..."

ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. ఒంటి మీద చేరింది అలా పోవాలంటే ఒకటే దారి. దేన్నో ముట్టుకోవాలి.

నా ఎడమ మణికట్టు చుట్టూ చల్లగా బిగుసుకుంది.

లైటు ఎలా వేశానో గుర్తులేదు. హాల్లో ఎవరూ లేరు. చేతి పట్టీ వైపు చూశాను. వైరు ముతకగా ఉంది. అతికిన చోట వంకరగా సీసం ముద్ద. ఆ ముద్ద నా చేతిదే, ఎక్కడున్నా గుర్తుపడతాను. వైర్లు కొలిచే మీటరు పెట్టి చూశాను. సున్నా. రెసిస్టరు లేదు.

కత్తిరించి అక్కడే పారేసి వచ్చాను. వచ్చేముందు స్టాటిక్ మీటరు నా ఒంటి దగ్గర పట్టుకుని చూశాను. ఉన్ని స్వెట్టరుతో, తివాచీ మీద, ఆ పొడి గాలిలో అంతదూరం నడిచినవాణ్ని. ముల్లు కొంచెమైనా కదలాలి. కదల్లేదు. బూట్లు తివాచీకి రుద్దాను. సున్నా. నేలకు కట్టేసిన మనిషికే అలా చూపిస్తుంది.

ఇంటికి వెళ్లేసరికి చీకటి పడలేదింకా. నా భార్య బల్ల ముందు కూర్చుని ఉంది. ఆఫీసు పంపిన అట్టపెట్టె విప్పి ఉంది. వాడి మఫ్లరు, గ్లాసు, కళ్లజోడు. బల్ల మీద ఇనుప ల్యాంపు. ప్లగ్గు పెట్టి ఉంది. స్విచ్చి వేసి ఉంది.

"ముట్టుకోకు," అన్నాను.

"ముట్టుకున్నాను." రబ్బరు చెప్పులేసుకున్న పాదాలు చూపించింది. "కాస్త జిల్లుమంది, అంతే. మా తమ్ముడు కూడా బూట్లేసుకునే కూర్చున్నాడు కదా. వాడికి మాత్రం ప్రాణం ఎందుకు పోయిందండీ?"

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"మీరూ బూట్లతోనే ఉన్నారు. ఒకసారి వచ్చి ముట్టుకోండి. ఏమీ కాకపోతే ఇంకెప్పుడూ అడగను."

ల్యాంపు మూడడుగుల దూరంలో ఉంది. నా ఎడమ చెయ్యి కిందికి లాగినట్టయింది. మెల్లగా, ఒక్కసారి.

అప్పుడే ఆమె ముఖం మారింది.

"మీ చేతికి ఆ వైరేమిటి?"

చూసుకున్నాను. నా చేతికి ఏమీ లేదు. ఆమె చూపు మాత్రం నా మణికట్టు దగ్గర మొదలై కిందికి దిగింది. నేల మీదుగా నెమ్మదిగా నా వెనక్కి పాకింది. అక్కడ ఆగలేదు. నిలబడ్డ మనిషి ముఖం ఉండేంత ఎత్తుకు లేచి, అక్కడ ఆగింది.