జపాన్ గదిలో మాటలు

డిగ్నాబాద్ నుంచి హాడో రేవుకి దిగే అడ్డదారిలో, మలుపు తిరగ్గానే ఎడమచేతి వైపు ఒక సిమెంటు గది ఉండేది. యుద్ధంలో మా దీవుల్ని పట్టుకున్న జపాన్ వాళ్ళు కట్టిన బంకర్. తలుపు లేదు, కిటికీ లేదు — సముద్రం వైపు ఒక సన్నటి చీలిక, వెనక మనిషి వంగి దూరేంత సందు. మావాళ్ళు దాన్ని జపాన్ గది అనేవారు.

ఎంత వానొచ్చినా మేకలు కూడా అందులోకి దూరేవి కావట. లోపల ఆకలితో చచ్చిపోయిన సిపాయిలున్నారని కొందరు, ఆ సిపాయిలు చంపినవాళ్ళున్నారని కొందరు. ఎవరున్నా సరే... చీకటి పడ్డాక అటు ఎవరూ నడిచేవారు కాదు. చీకటంటే ఎనిమిదో తొమ్మిదో అనుకునేరు. డిసెంబరులో మా దీవుల్లో ఐదున్నరకే దీపాలు పెట్టాలి.

ఇది మా సారా పిన్నికి జరిగింది. తనే చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం. పిన్నికి పదహారేళ్ళు. మా తాతయ్య కృపానందం రేవులో క్రేన్ డ్రైవరు. ఆ నవంబరులో మా తెలుగు చర్చి పాస్టరుగారు ఒక పిల్లని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. జపాన్ నుంచి ఏడాదిపాటు మద్రాసులో చదువుకోడానికొచ్చిన పిల్ల. దీవులు చూస్తానందట, నెల రోజులకి పర్మిట్ దొరికింది. ఆ నెలా మీ ఇంట్లో ఉండి, మీ సారాతోపాటు బడికెళ్తుందన్నారు.

పేరు చిజురు. మా అమ్మమ్మ మేరమ్మకి ఆ పేరు నోరు తిరగలేదు. "ఒసే చిజ్జూ" అని పిలిచేది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చేది.

పిన్నికి తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదు. బడిలో అంతా హిందీయే మరి. అమ్మమ్మ రోజూ అన్నాలయ్యాక బైబిల్ ముందు పెట్టుకుని ఇద్దరిచేతా కలిపి అక్షరాలు దిద్దించేది. 'ఱ' ఎందుకుందో ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. ఒకే పక్క మీద పడుకుని, వచ్చినంత ఇంగ్లీషు, రానంత హిందీ కలిపి గుసగుసలాడుకునేవారు. పది రోజుల్లో పిన్నికి చిజురు లేనిదే ముద్ద దిగేది కాదు.

తర్వాత... కుళాయి దగ్గర కాళమ్మ పిన్నిని పట్టుకుంది.

కాళమ్మ పక్కింటావిడ. వాళ్ళది యుద్ధానికి ముందునుంచీ ఇక్కడున్న కుటుంబం. జపాన్ టైములో ఒక తెల్లారి సిపాయిలొచ్చి ఆమె తండ్రిని తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా తెలీదు.

"ఏటే సారా, ఆ జాతి పిల్లకి మీ అమ్మ తలకి నూనె రాస్తందంట గదా?" అంది బిందె నిండుతుండగా. గట్టిగా కూడా అన్లేదు. "రాయనీ. మా అయ్యకి నీళ్ళయినా ఇచ్చారో లేదో... ఆ పిల్లనడుగు ఓసారి."

కుళాయి దగ్గరి మాట మర్నాటికి బడికెళ్ళింది. పిన్ని స్నేహితురాలు దేముడమ్మ ముగ్గురూ కూచునే బెంచీ మీదనుంచి తన సంచీ తీసేసుకుని చెప్పింది — "యా తో వో, యా తో హమ్. అదో, మేమో తేల్చుకో."

పిన్ని తేల్చుకుంది. లేచి దేముడమ్మ పక్కన కూచుంది.

చిజురు తన పుస్తకాలు దగ్గరికి లాక్కుంది. ఆ బెంచీ మీద ఒక్కత్తే మిగిలిపోయింది. ఆ రోజునుంచి బడి విడిచాక పిన్ని ముందు, ఆ పిల్ల ఎక్కడో వెనక. ఇంటికి చీకటిపడ్డాక వచ్చేది. అమ్మమ్మ అడిగితే, "సముద్రం చూశాను" అనేది. ఎక్కడ, ఎవరితో అని పిన్ని అడగలేదు. అడిగే మొహం లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ గదిలో మాటలు మొదలయ్యాయి.

మొదట విన్నది అప్పలరాముడు. రేవులో డ్యూటీ దిగి, తొందరగా ఇల్లు చేరదామని అడ్డదారి పట్టాడు. గది దగ్గరికొచ్చేసరికి లోపల ఎవరో సన్నగా... ఆగి ఆగి... మాట్లాడుతున్నారు. టిఫిన్ క్యారియర్ అక్కడే పడేసి పరిగెత్తాడు. మూడు రోజులు జ్వరం.

తర్వాత ముసలి గురునాథం విన్నాడు. ఆయన జపాన్ టైములో వాళ్ళ కింద మట్టి మోసినవాడు. గోడకి చెవి పెట్టి, తెల్లబోయి వచ్చాడు.

"అది జపాన్ మాటేరా," అన్నాడు. "నా చెవులకి తెలీదా ఆ మాట?"

అంతే. సాయంత్రమైతే పిల్లల్ని బయటికి పంపడం మానేశారు. శనివారం పొద్దు వాలుతుంటే నలుగురు మగవాళ్ళు కాళమ్మ అరుగు మీద చేరారు. రెండు డబ్బాల కిరసనాయిలు, పాత గోనెలు. మాట వినబడగానే సందులోంచి గోనెలు అంటించి లోపలికి తోసెయ్యాలి. అక్కడున్నదేదో ఇంకెప్పుడూ నోరెత్తకూడదు.

"ముందు గోనె నేను తోస్తాను," అంది కాళమ్మ.

పిన్ని మా వాకిట్లో బట్టలు తీస్తూ ఈ మాటలు విన్నది. నవ్వొచ్చింది కూడానట. లోపలికెళ్ళింది. చిజురు చెప్పులు లేవు. అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసింది — "ఒసే, చిజ్జు ఇంకా రాలేదే?"

జపాన్ మాట...

పిన్ని చేతిలో బట్టలు అక్కడే పడిపోయాయి.

రోడ్డున వెళ్తే వాళ్ళు ముందు చేరిపోతారు. ఇళ్ళ వెనకనుంచి, రాళ్ళ మీదనుంచి దిగింది. మోకాలు చీరుకుపోయింది. పైన రోడ్డు మీద లాంతరు కదులుతోంది. గది దగ్గరికొచ్చేసరికి పూర్తిగా చీకటి. సందు ముందు ఆగింది. లోపలినుంచి... సన్నగా... ఆగి ఆగి... మాట.

అది చిజురు గొంతేనా? ఇంట్లో ఆ పిల్ల అలా మాట్లాడగా తనెప్పుడూ వినలేదు. కాకపోతే? లోపలున్నది ఇంకెవరైనా అయితే?

పైన రోడ్డు మీద అడుగులు దగ్గరపడ్డాయి. కిరసనాయిలు వాసన.

పిన్ని కళ్ళు మూసుకుని సందులో దూరింది.

చీలికలోంచి పడుతున్న రేవు దీపాల కాస్త వెలుగులో, మోకాళ్ళ మీద కాయితాలు పెట్టుకుని చిజురు. వాళ్ళమ్మ ఉత్తరాలు. పైకి చదువుకుంటోంది. తన మాట వినే మనిషి లేక, తన మాట తనే వినడానికి.

"సారా?" అంది.

పిన్ని ఆ పిల్లని రెండు చేతులా పట్టేసుకుంది. బయట అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"వద్దు! కాళమ్మత్తా, వద్దు! నేనూ... సారాని! మేమే ఉన్నాం!"

లాంతరు సందులోకి వంగింది. దాని వెనక కాళమ్మ మొహం. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆ పిల్ల కళ్ళని, ఒళ్ళో ఉత్తరాల్ని చాలాసేపు చూసింది. చేతిలో గోనె కింద పడేసింది.

"ఈ పిల్లకి చలేస్తంది," అంది చివరికి. "ఇంటికి తీసుకుపో."

ఊరంతా నవ్వుకుంది. అప్పలరాముణ్ణి ఏడాదిపాటు ఏడిపించారు. సోమవారం పిన్ని తన సంచీ తీసుకెళ్ళి చిజురు పక్కన పెట్టుకుంది. దేముడమ్మ మొహం తిప్పుకుంది. బస్, చాల్లే, తిప్పుకోనీ అనుకుంది పిన్ని.

ఇక్కడితో అయిపోతే పిన్ని ఈ కథ మళ్ళీ మళ్ళీ చెప్పేదే.

వారం తర్వాత పర్మిట్ అయిపోయింది. మద్రాసు ఓడ సాయంత్రం ఆరింటికి. తాతయ్యకి డ్యూటీ. పిన్ని ఒక్కత్తే హాడో జెట్టీ దాకా వచ్చింది. జనం, పెట్టెలు, ఏడుపులు. మెట్ల దగ్గర చిజురు పిన్ని చెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పింది.

"ఆ గదిలో నేనొక్కదాన్నే కాదు."

పిన్నికి అర్థం కాలేదు.

"అక్కడికెళ్ళిన మూడో రోజు... ఉత్తరం చదువుతున్నాను. మూలనుంచి ఎవరో అడిగారు. మా భాషలో. ఓడ వచ్చిందా, అని. మగపిల్లాడి గొంతు. మన వయసే ఉంటుంది. చూస్తే ఎవరూ లేరు."

"మరి... పారిపోలేదా?"

"ఆ రోజు పారిపోయాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. రోజూ అదే అడిగేవాడు. ఇవాళ రాలేదని చెప్పేదాన్ని."

"భయం వెయ్యలేదా చిజ్జూ?"

చిజురు తల దించుకుంది. "అప్పుడు నాతో మాట్లాడింది అతనొక్కడే కదా."

ఓడ మొదటి కూత వేసింది. మూడో కూతకి కదిలిపోతుంది. మెట్లెక్కబోతూ ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"మధ్యాహ్నం వెళ్ళి చెప్పొచ్చాను. వచ్చిందని."

జనం నెట్టేశారు. చిజురు పైకెళ్ళిపోయింది.

పిన్ని తిరిగి బయల్దేరేసరికి దీపాలు వెలిగాయి. ఏం ఆలోచిస్తోందో, ఏ దారిన వెళ్తోందో తెలీలేదు. తల ఎత్తేసరికి అడ్డదారి. ముందర మలుపు. ఆ పక్కన... ఆ గది.

వెనక్కి వెళ్ళలేదు. ముందుకీ వెళ్ళలేదు. అలా నిలబడిపోయింది.

రేవులో రెండో కూత.

గదిలో ఏదో కదిలింది. సందులోంచి ఒక రాయి దొర్లి దారి మీద పడింది. తర్వాత... అడుగులు. బూట్లు. కాలికి పెద్దవైన బూట్లు వేసుకుని పరిగెడితే ఎలా ఉంటుందో అలా — టపా, టపా, టపా — పిన్ని వైపే. మనిషి లేడు. దారి ఖాళీ. ఎగశ్వాస మాత్రం వినబడుతోంది. పరిగెత్తలేని ఒంటితో పరిగెత్తేవాడి ఊపిరి.

భుజం పక్కనుంచి చల్లగా దాటి, కిందికి, హాడో వైపు.

కేక వెయ్యాలనుకుందట. నోట్లోంచి ఇంకేదో వచ్చింది. ఎందుకన్నదో, తెలుగులో ఎందుకన్నదో తనకే తెలీదు.

"తొందరగా వెళ్ళు... మూడో కూత వేసేస్తారు."

అడుగులు ఆగాయి.

చీకట్లో, ఇరవై అడుగుల దూరంలో, ఎవరో తన వైపు తిరిగి చూస్తున్నారు...

మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఇంకా వేగంగా, రేవు వైపు.