మిల్లు మలుపులో ఇంజను లేని కారు

పెదకాకాని నుంచి గుంటూరొచ్చే పాత రోడ్డులో, మూతపడ్డ పత్తి మిల్లు దగ్గర ఒక మలుపుండేది. చీకటిపడ్డాక ఆ మలుపు పేరు ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తినా గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ ఎత్తేవాళ్ళు.

ఏముందక్కడ అంటే ఏం చెప్తాం! ఒకళ్ళు తెల్లచీర అన్నారు. ఒకళ్ళు తల లేని మనిషన్నారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట — రాత్రిపూట అక్కడ బండ్లు ఆగిపోతాయి. లారీ కానీ, మోటారు సైకిలు కానీ, పెళ్ళివారి వ్యాను కానీ... మలుపు తిరిగేసరికి ఇంజను ఒక్క మూలుగు మూలిగి చల్లారిపోతుంది. ఆ వెంటనే మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఉంటుందట.

అందుకని లారీ డ్రైవర్లు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. అక్కడ హారను కొట్టకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. చూసినవాళ్ళు ఏమయ్యారు అని అడిగితే, చూసినవాడు ఒక్కడూ దొరకడు. అందరూ చూసినవాడి బావమరిదికి తెలిసినవాళ్ళే!

ఎలీసమ్మకి ఈ సంగతంతా చెప్పింది ఆమె మొగుడు జక్రయ్య. ఆయన లారీ డ్రైవరు. పల్లెల నుంచి మిరప బస్తాలు వేసుకొచ్చి గుంటూరు మిర్చి యార్డులో దించడం ఆయన పని. ఎలీసమ్మ కొత్తపేటలో ఒక నర్సింగు హోములో హెడ్ నర్సు. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా సైకిలు కూడా తొక్కని మనిషి, రెండు వేల ఐదు ఎండాకాలంలో ఒక్కసారిగా కారు కొనేసింది.

కారంటే మామూలు కారు కాదు. కరెంటు కారు. వాళ్ళ డాక్టరుగారు సరదాపడి తెప్పించుకుని, మోజు తీరాక అమ్మేస్తుంటే నర్సమ్మ కొనుక్కుంది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక ఇద్దరు పిల్లలో, ఒక పెద్దమనిషి మోకాళ్ళు ముడుచుకునో కూర్చోవచ్చు. తెల్లగా, పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. చప్పుడు మాత్రం చెయ్యదు.

జక్రయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగి పకపకా నవ్వాడు. "ఇది కారటే? ఇస్త్రీపెట్టె! రాత్రంతా ప్లగ్గులో పెట్టి పొద్దున్నే తియ్యడమేంటే నీ మొహం!"

"నవ్వు నవ్వు. నీ లారీలా పొగ తాగే అలవాటు లేదయ్యా దీనికి," అంది ఎలీసమ్మ.

మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. జక్రయ్య ఖరాఖండీగా చెప్పాడు. "నెల రోజులు. రోజూ దీన్నేసుకునే డ్యూటీకి పో. ఒక్కసారి... ఒక్కసారి మనిషి చెయ్యేసి తోశాడా, తాడు కట్టి లాగాడా — మర్నాడే అమ్మేస్తున్నాం. సెకండ్ హ్యాండు డీజిలు వ్యాను కొంటున్నాం. సరేనా?"

సరేనంది. అని, ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు.

కానీ కారు మాట దక్కించింది! బ్రాడీపేట సందుల్లో పెద్ద కార్లవాళ్ళు అద్దం మూసి, హారను కొట్టి, చెమటలు కక్కుతుంటే ఎలీసమ్మ పాములా జారిపోయేది. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. తొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. చేపల మార్కెట్టు ముందు రెండు స్కూటర్ల మధ్య పెట్టేసేది. పెట్రోలు బంకువాడి మొహం చూసే పని లేదు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చేసరికి ఆవులు మాత్రం ఉలిక్కిపడేవి, వాటికి రోజూ సారీ చెప్పేది. నెల జీతం తెచ్చినప్పుడు కూడా ఆమెకి అంత గొప్పగా అనిపించలేదు. ఎక్కడికి పోవాలన్నా ఎవరినీ బతిమాలక్కర్లేదు, తాళం తన చేతిలో ఉంది. ఆ తాళం పోతుందేమోనని ఆమెకి ఒకటే భయం.

అలా ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. ముప్పయ్యో రోజు వచ్చింది.

ఆ ముందు రాత్రే కరెంటు తీశారు. రెండు గంటలు అన్నారు, నాలుగు గంటలు తీశారు. పొద్దున్నే చూస్తే ఛార్జి చూపించే ముల్లు సగానికి కాస్త పైన ఉంది. డ్యూటీకీ ఇంటికీ అది చాలు, ఎక్కువ కూడా. కానీ సాయంత్రం మదార్‌బీని డిశ్చార్జి చేశారు. తుంటి ఎముక ఆపరేషనైన ముసలామె, ఊరు పెదకాకాని. ఆటోలో అయితే గుంటగుంటకీ ప్రాణం పోతుంది. ఎలీసమ్మ మనసు ఊరుకుంటుందా? "నేను దించుతాలే మామ్మా," అనేసింది.

దారిలో మదార్‌బీ ముందు సీట్లో హాయిగా వెనక్కి వాలి, "నర్సమ్మా, చల్లగాలి మిషను ఉందంట కదా, వెయ్యమ్మా," అంది.

ఏసీ వేస్తే ఛార్జి తాగేస్తుంది. అయినా ఆ మొహం చూసి కాదనలేకపోయింది. "పోయేది పెదకాకాని దాకేగా మామ్మా," అని వేసింది. అక్కడ దించాక ముసలామె టీ తాగితే గానీ కదలనివ్వలేదు. "నీ కారుకి కూడా మా ప్లగ్గులో కాస్త పట్టించుకో తల్లీ," అని మనవడి చేత వైరు లాగించింది. వైరు పెట్టిన నిమిషానికి ఊళ్ళో కరెంటు పోయింది!

ఎనిమిదిన్నరకి బయల్దేరింది. ఏసీ లేదు, పాటలు లేవు. ముందు లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. ముల్లు ఎర్రగీత మీద వణుకుతోంది. చేతిలో సెల్‌ఫోను ఉంది. ఫోను చేస్తే జక్రయ్య పరుగున వస్తాడు... తాడు పట్టుకుని మరీ వస్తాడు. ఛీ, చచ్చినా చెయ్యను అనుకుంది.

టీ కొట్టు దాటింది. తరవాత ఇళ్ళు లేవు, దీపాలు లేవు. ఎదురుగా పత్తి మిల్లు గోడ.

మలుపు తిరిగేసరికి... కారు మెల్లబడింది.

ఎలీసమ్మ గుండె జారింది. అంతలోనే ఆమెకి ఒక ఆలోచన వచ్చి నవ్వాగలేదు. ఇక్కడిది ఇంజన్లు ఆపే దెయ్యం కదా? అద్దం కాస్త దించి, మిల్లు వైపు గుసగుసగా చెప్పింది. "నీకిక్కడ పనిలేదమ్మా... దీనికి ఇంజనే లేదు."

కారు మాత్రం ఇంకా మెల్లబడింది.

అప్పుడు డాక్టరుగారి చిట్కా గుర్తొచ్చింది. ఛార్జి అడుగంటినప్పుడు లైట్లు సహా అన్నీ ఆపేసి పావుగంట ఊరుకుంటే బ్యాటరీలు కాస్త తేరుకుంటాయి, ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లాగుతాయి. ఇల్లు సరిగ్గా అంతే దూరం. మధ్యలో కాలవ వంతెన ఒక్కటే గండం. అక్కడ నిటారుగా మెరక ఎక్కాలి.

కాబట్టి ఆగాలి. లైట్లు ఆర్పాలి. ఇక్కడే... ఈ మలుపులోనే!

రోడ్డు పక్కకి తీసి న్యూట్రల్లో పెట్టి, లైట్లు ఆర్పేసింది. చుట్టూ చీకటి ముంచెత్తింది. మిల్లు రేకు ఒకటి గాలికి కిర్రు... కిర్రుమంటోంది. ఎలీసమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఒక్క పూట... ఈ ఒక్క పూట ఇల్లు చేర్చు, నా బండి నాకు ఉండనీ," అని గొణుక్కుంది. ఏడుపు కూడా వచ్చింది. నలభై నాలుగేళ్ళకి ఒక్క సరదా, అదీ దక్కనివ్వవా అని దేవుణ్ణి నిలదీసింది.

కళ్ళు తెరిచి అద్దంలో చూసింది.

వెనక తెల్లగా ఏదో ఉంది.

మనిషెత్తు. భుజాలున్నాయి. నడుముంది. తల... తల లేదు.

చూడకూడదు. వెనక్కి చూడకూడదు. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయింది. అడుగుల చప్పుడు... దగ్గరికొచ్చింది. ఆగింది.

కారు కదిలింది!

కాలు దేని మీదా లేదు. కారు దానంతటదే, మెత్తగా, ముందుకి పోతోంది. ఎలీసమ్మ నోట ప్రార్థన కూడా రాలేదు. దెయ్యాలకి పళ్ళుంటాయా, గోళ్ళుంటాయా అని మాత్రం బుర్రలో గిర్రున తిరుగుతోంది.

అప్పుడు వెనక దెయ్యం తుమ్మింది.

"హా...హా...హాఛ్‌చీఈఈ!"

ఎలీసమ్మ దిమ్మెరపోయింది. ఆ తుమ్ము తనకి తెలుసు! ఇరవై రెండేళ్ళ కాపురంలో రోజుకి పాతికసార్లు విన్న తుమ్ము. ఇన్నేళ్ళు మిరప బస్తాలతో బతికినా ఆయన ముక్కుకి ఆ ఘాటు పడలేదు. లారీ టీ కొట్టు దగ్గర ఆపి ఉంటాడు. తెల్లది బనీను! చీకట్లో తల కనపడలేదంతే.

భయమంతా ఎటు పోయిందో పోయింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పమిట నోట్లో కుక్కుకుంది. ఎంత బింకం మనిషి! పొద్దున లేస్తే ఇస్త్రీపెట్టె అని వెక్కిరించేవాడు, పందెం తనే గెలిచే సమయానికి, దొంగలా వచ్చి తోస్తున్నాడు!

మరి వెనక్కి చూస్తే? చూస్తే మనిషి చెయ్యి పడ్డట్టే. పందెం పోయినట్టే. చూడకపోతే... దెయ్యం తోసినట్టు. ఎలీసమ్మ మెడ బిర్రబిగించి ఎదురుగానే చూస్తూ కూర్చుంది.

"మెల్లిగా దెయ్యమా..." అని గుసగుసలాడింది. "బంపరు సొట్టపోతుంది."

వెనక రొప్పుడు. ఇంకో తుమ్ము. కారు మిల్లు గోడ దాటింది, తుమ్మచెట్లు దాటింది. కాలవ వాసన తగిలింది. వంతెన మెరక మొదలైంది.

ఒక్క క్షణం కారు ఆగింది. వెనక్కి జారుతుందేమోనని బ్రేకు మీద కాలు పెట్టబోయింది... అంతలో మళ్ళీ కదిలింది. ఈసారి కుదుపు లేదు. రొప్పుడు లేదు. అంత మెరకా కారు తేలిగ్గా, తేలిపోతున్నట్టు ఎక్కేసింది. మొగుడి బలానికి ఎలీసమ్మ మురిసిపోయింది. యాభైలో పడ్డా ఏం సత్తువ! సంబరం పట్టలేక, "నీ చేతులు చల్లగుండ!" అని పైకే అనేసింది.

వంతెన దిగుతుంటే దీపాలు కనిపించాయి. లైట్లు వేసి, తొక్కి చూసింది. ముల్లు ఎర్రగీత మీంచి వెంట్రుకంత పైకి లేచింది. కారు అందుకుంది. ఇంటి గేటు దాకా ఆగితే ఒట్టు!

కారు ప్లగ్గులో పెట్టి, కూర వేడి చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ముప్పావుగంటకి లారీ వచ్చింది. జక్రయ్య నడుం పట్టుకుని, మెట్టు మెట్టుకీ మూలుగుతూ ఎక్కాడు.

"ఏంటయ్యా, నడుం పట్టిందా?" అంది అమాయకంగా.

జక్రయ్య ఆమె మొహం చూశాడు. ఆమె పెదాలు వణుకుతున్నాయి. ఇక దాచలేక ఇద్దరూ ఒక్కసారే ఫక్కున నవ్వారు. ఆయన కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"తెలిసిపోయిందా? తుమ్మేనా?"

"తుమ్మే!"

"టీ కొట్టు ముందు నీ కారు నత్తలా పోతుంటే చూశా, ఆగిపోతే నవ్వుదామనే వెనకాలే వచ్చానే. దగ్గరికొచ్చేసరికి నువ్వు ఏడుస్తున్నావు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. బండి నీకుండాలి అనిపించింది, తోసేశాను." గొంతు సర్దుకున్నాడు. "కానీ మాటంటే మాటే ఎలీసా. మనిషి చెయ్యి పడింది. పందెం నువ్వే ఓడావు."

ఎలీసమ్మ నవ్వు ఆగిపోయింది. అయినా న్యాయం న్యాయమే కదా. తలొంచుకుని, "సరే. రేపు అమ్మేద్దాం," అంది. "ఒక్కటి మాత్రం చెప్పాలి. వంతెన మీద భలే తోశావయ్యా. ఒక్క కుదుపు లేదు."

జక్రయ్య మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది.

"వంతెన మీదా? వంతెన మొదట్లోనే నాకు నడుం పట్టేసిందే. రాయి మీద కూలబడ్డాను. నువ్వే కరెంటు పెట్టి ఎక్కించుకుపోయావుగా... చూస్తూనే ఉన్నా."

"నేనా? నేను న్యూట్రల్లో ఉన్నా."

వరండాలో కారు ఛార్జింగు పెట్టె సన్నగా గుయ్యిమంటోంది.

"ఒక్క మనిషి తోస్తే ఆ మెరక ఎక్కదు ఎలీసా," అన్నాడు జక్రయ్య, చాలా నెమ్మదిగా. "ఇద్దరు తోసినా ఎక్కదు."

"మరి... రేపు అమ్మేద్దా—"

జక్రయ్య చటుక్కున లేచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. వరండా వైపు ఒకసారి చూసి, చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు:

"అమ్మే మాట ఎత్తకే. అంత కష్టపడి తోసినవాళ్ళు... వింటే ఊరుకుంటారా?"